పూరేడు పెట్ట పిలుపు

కోడిపెట్ట కూత వినని వారు మనలో లేరు. గ్రుడ్డు పెట్టిన తరువాత చేసే గోల ఒక తీరు. గింజ కనబడినప్పుడు పిల్లలను పిలిచే పిలుపు ఒక తీరు. ఆకాశంలో గ్రద్ద తిరిగినప్పుడు వేసే కేక మరొక తీరు. పెరటిలోని పెట్టకే ఇన్ని గొంతులుంటే అడవి పక్షులకు ఇంకెన్ని ఉండాలి? ఈ గొంతుల తేడాలను శాస్త్రజ్ఞులకంటె ముందు నేర్చుకొన్నవాడు వేటగాడు. అతనికి అది పొట్టకూటి విద్య. ఏ కూతకు ఏ పక్షి వస్తుందో ఎరుగనివాడు ఉత్త చేతులతో ఇంటికి పోవలసిందే.

పెట్ట పిలిస్తే ఎవరు వస్తారు? పుంజు వస్తుందని ఎవరైనా చెబుతారు. చాలా పక్షుల విషయంలో అది నిజమే. కాని మన పొలాల గట్లమీద తిరిగే ఒక చిన్న పిట్ట విషయంలో అట్లా కాదు. అక్కడ పెట్ట పిలిస్తే మరొక పెట్ట పోట్లాటకు వస్తుంది. దక్షిణ భారతంలోని పిట్టలు పట్టేవారికి చిరకాలంగా తెలిసిన ఈ సంగతి 19వ శతాబ్దంలో ఒక వైద్యుని పుస్తకంలోకి, అక్కడినుంచి డార్విన్ గ్రంథంలోకి ఎక్కింది. ఆ కథను చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం.

అమెరికా అడవిలో

ముందు సాధారణమైన సూత్రాన్ని చూద్దాం. దానికి మంచి ఉదాహరణ టర్కీ కోడి. మన ఊళ్ళలో పెంచే టర్కీ కోళ్ళకు మూలం ఉత్తర అమెరికా ఖండంలోని అడవి టర్కీలే. అడవి టర్కీ పెట్ట తెల్లవారుజామున చెట్టు కొమ్మమీదనుంచి దిగకముందు మెల్లగా రెండు మూడు సార్లు కూస్తుంది. నేలకు దిగిన తరువాత అదే కూత బిగ్గరగా సాగుతుంది. చెదిరిన పిల్లలను కూడదీసేటప్పుడు కూత ఇంకా పొడుగు, ఇంకా గట్టిది. తృప్తిగా మేసేటప్పుడు గురగురలాడుతుంది. ప్రమాదం తోచినప్పుడు త్రుంచినట్లు ఒక్క పొట్టి కూత కూస్తుంది. అది వినగానే మంద అంతా జాగ్రత్త పడుతుంది.

వసంతకాలంలో వేటగాడు పెట్ట కూతను అనుకరించి పుంజును దగ్గరకు రప్పిస్తాడు. ఇందుకు చెక్కపెట్టె వంటి సాధనం ఒకటి ఉన్నది. మూతను పెట్టె అంచుమీద రాస్తే పెట్ట కూత వినబడుతుంది. ఆర్కన్సా రాష్ట్రానికి చెందిన హెన్రీ గిబ్సన్ అనే ఆయన 1897లో ఇట్టి పెట్టెకు పేటెంటు పొందినాడు. తరువాత లోవెట్ విలియమ్స్ అనే శాస్త్రజ్ఞుడు అడవి టర్కీల కూతలను ధ్వనిముద్రణ చేసి, వాటిని వర్గీకరించి 1984లో ఒక పుస్తకం ప్రకటించినాడు.

ఈ పరిశీలనలవల్ల తేలిన ముఖ్యమైన సంగతి, ఏ రెండు పెట్టల గొంతులూ ఒకటి కావు అన్నది. ఒకదానిది సన్నని గొంతు, ఒకదానిది బొంగురు గొంతు. ఒకటి త్వరత్వరగా కూస్తే మరొకటి నింపాదిగా కూస్తుంది. కాబట్టి వేటగాని కూత ఏ ఒక్క పెట్ట గొంతుకూ అచ్చంగా సరిపోనక్కరలేదు. కూత యొక్క లయ, సందర్భం కుదిరితే చాలు. ఎంత చక్కని గొంతుతోనైనా, మేత కూత కూయవలసిన చోట ప్రమాదపు కూత కూస్తే పుంజు దరికి రాదు.

ఇక్కడ గమనించవలసింది మరొకటి ఉన్నది. పెట్ట పిలుపుకు వచ్చేది పుంజు. అమెరికాలో వసంతకాలపు వేటలో సాధారణంగా పుంజును, లేదా పుంజులకు ఉండే రొమ్ము గడ్డం కలిగిన పక్షిని మాత్రమే చంపనిస్తారు. గ్రుడ్లు పొదిగేది పెట్ట. పుంజు పోయినా పెట్ట తన గూటిమీద ఉంటుంది. అంటే పిలుపు పెట్టది, ముప్పు పుంజుకు.

దివిసీమ పూరేడు

ఇప్పుడు మన నేలకు వద్దాం. దివిసీమలో అవనిగడ్డకు, సముద్రానికి నడుమ కోడూరు ఉన్నది. కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి ఈ కోడూరు మండలంలోనిదే. వరి కోసిన మాగాణిలో మినుము, పెసర, గట్లమీద గడ్డి, బంజర్లలో తుమ్మ పొదలు. పూరేడు పిట్టకు ఇటువంటి చోట్లే అనుకూలం.

మనం పూరేడు అని పిలిచే పిట్టలలో నిజానికి పెక్కు జాతులు ఉన్నవి. కొన్ని చలికాలంలో ఉత్తరంనుంచి వలస వచ్చేవి. మన కథలోనిది ఇక్కడే కాపురముండే చారల పూరేడు. శాస్త్రజ్ఞులు దీనిని టర్నిక్స్ సస్కిటేటర్ అంటారు. ఆకారంలో తక్కిన పూరేళ్ళను పోలి ఉన్నా ఇది వాటి చుట్టం కాదు. వాటికి కాలికి నాలుగు వ్రేళ్ళుంటే దీనికి మూడే. వెనుక వ్రేలు లేదు. వంశపదార్థమైన డి.ఎన్.ఎ.ను పరీక్షించిన తరువాత ఇది కోళ్ళ కులానికి చెందదనీ, తీతువు, ఉల్లంకి మొదలైన పక్షుల వర్గానికి చెందినదనీ రూఢి అయినది.

దీనిలో ఆడది పెద్దది, మగది చిన్నది. ఆడదాని గొంతుమీద, రొమ్ము నడుమ నల్లని రంగు ఉంటుంది; మగదానికి ఆ నలుపు లేదు. పిలుపు ఆడదానిదే. దూరంగా మోటారు సైకిలు పోతున్నట్లు 'డుర్‌ర్‌ర్' అని ఒకే బిగిన సాగే మంద్రధ్వని అది. ఆడది నేలమీది గూటిలో సామాన్యంగా 3 లేక 4 గ్రుడ్లు పెట్టి, వాటిని మగదానికి అప్పగించి మరొక మగదానిని వెదుక్కొంటూ పోతుంది. సుమారు 12 రోజులు గ్రుడ్లు పొదిగేదీ, తరువాత పిల్లలను త్రిప్పేదీ తండ్రియే.

జెర్డన్ వ్రాసిన దీమం

థామస్ జెర్డన్ (1811–1872) ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు రాజధానికి వచ్చిన వైద్యుడు. 1840 తరువాత కొంతకాలం నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసినాడు. మన కడప ప్రాంతపు కలివి కోడి 1848లో శాస్త్రలోకానికి తెలిసినది ఇతని మూలంగానే. 1862–64 సంవత్సరాలలో వెలువడిన తన 'భారతదేశపు పక్షులు' అనే గ్రంథంలో ఈ పూరేడు వేటను జెర్డన్ వివరించినాడు.

వేటలో ఎరగా ఉంచే పెంపుడు మృగాన్ని, పక్షిని మన పూర్వులు దీమం అన్నారు. దీమపు లేడి అన్న మాట మన కావ్యాలు చదివినవారికి క్రొత్త కాదు. ఇక్కడ దీమం పూరేడు పెట్ట. దానిని ఒక చిన్న పంజరంలో పెట్టి, పొదల మాటున నేలమీద ఉంచుతారు. పంజరానికి బయట ఒక అర ఉంటుంది. ఊచల నడుమ కట్టిన దారం తెగితే ఆ అర మూత టపీమని పడుతుంది. వెంటనే ఒక చిరుగంట మ్రోగుతుంది. లోపలి పెట్ట పిలవటం మొదలుపెట్టగానే ఆ పిలుపు అందిన మేర ఉన్న పెట్టలు పరుగెత్తుకొని వచ్చి, ఊచల సందున దానితో కలియబడతాయి. ఆ పెనుగులాటలో దారం తెగుతుంది, మూత పడుతుంది. చాటున పొంచి ఉన్న మనిషి గంట విని వచ్చి, పిట్టను తీసుకొని, పంజరాన్ని మరొక చోటికి మారుస్తాడు.

ఈ విధంగా ఒక్క రోజులో 12 మొదలు 20 వరకు పిట్టలు పడటం తాను ఎరుగుదునని జెర్డన్ వ్రాసినాడు. పడినవన్నీ పెట్టలే. అంతేకాదు, వాటిలో చాలా వాటికి గ్రుడ్లు నిండి ఉండి, పట్టినవాడు జెర్డన్ ఇంటికి చేరేలోగా సంచిలోనే గ్రుడ్లు పెట్టేవి. ఈ పిలుపు గ్రుడ్లు పెట్టే పెట్టలకు సంబంధించినదని చెప్పటానికి ఇంతకంటె వేరే సాక్ష్యం అక్కరలేదు.

డార్విన్ చేతిలో

1871లో చార్లెస్ డార్విన్ మానవుని పుట్టుకను గురించి వ్రాసిన గ్రంథంలో స్త్రీపురుష భేదాలను విస్తారంగా చర్చించినాడు. ఎక్కువ జాతులలో మగది రంగులు పూస్తుంది, పోట్లాడుతుంది, కూస్తుంది. మరి ఆడది అట్లా ఉన్న జాతుల మాట ఏమిటి? ఇందుకు డార్విన్ తీసుకొన్న సాక్ష్యాలలో జెర్డన్ చెప్పిన పూరేడు ఒకటి. ఇంగ్లండులో పిట్టలు పట్టేవారు మగపిట్టను ఎర పెట్టి మగపిట్టలను పడతారు. భారతదేశంలో ఆడ పూరేడును పెట్టి ఆడ పూరేళ్ళను పడతారు అని రెండింటినీ ప్రక్క ప్రక్కన నిలిపినాడు. ఇక్కడివారు పందేలకు పుంజులను పెంచినట్లు ఈ పెట్టలను పెంచుతారనీ వ్రాసినాడు. ఆడవి గ్రుడ్లు పెట్టి మగవాటిని పొదగటానికి వదలి పోతాయని ఇక్కడి ప్రజలు చెప్పే మాటను సందేహించవలసిన పనిలేదనీ, చైనాలో స్విన్‌హో చూచిన సంగతులు దానిని బలపరుస్తున్నాయనీ అన్నాడు.

నూరేండ్లు గడచిన తరువాత, 1972లో, రాబర్ట్ ట్రివర్స్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి ఒక సాధారణ సూత్రం చెప్పినాడు. సంతానంకోసం ఎవరు తక్కువ శ్రమ పడతారో వారు జోడుకోసం పోటీ పడతారు. ఎక్కువ శ్రమ పడేవారికోసం పోటీ జరుగుతుంది. పూరేళ్ళలో పొదిగే మగది దొరకటం కష్టం. అందుకే పెట్టల నడుమ పోరు. తామరాకులమీద నడిచే జకానాలలోను, వరిమడులలో తిరిగే రంగుల ఉల్లంకిలోను ఇదే ఏర్పాటు కనబడుతుంది.

జెర్డన్ పేరు గ్రంథాలలో నిలిచింది. పంజరం కట్టి, దారం బిగించి, ఏ పిలుపుకు ఏ పిట్ట వస్తుందో ముందే తెలిసి పొంచి ఉన్న మనిషి పేరు ఎక్కడా లేదు. కాని అతని పంజరం వేట సాధనం మాత్రమే కాదు, ఒక ప్రయోగం కూడా. ప్రతి రోజూ అదే పరీక్ష, ప్రతి రోజూ అదే ఫలితం: వచ్చేది పెట్టయే.

లెక్క ఎట్లా తేలుతుంది?

అడవి టర్కీ వేటతో పోల్చి చూడండి. అక్కడ పెట్ట పిలుపు పుంజును తెచ్చింది. ఇక్కడ పెట్ట పిలుపు గ్రుడ్లు పెట్టే పెట్టలనే ఏరి తెచ్చింది. ఉదాహరణకు ఒక పెట్ట ఒక ఋతువులో ముగ్గురు మగవాటికి నాలుగేసి గ్రుడ్లు ఇస్తుందనుకొందాం. మొదటి గూడు తరువాత అది వలలో పడితే ఆ గూటిని మగది కాపాడుతుంది. కాని తరువాతి 8 గ్రుడ్లు లేవు. ఒక్క రోజులో 12 పెట్టలు పోతే 96 గ్రుడ్లు పోయినట్లు. చేనులో మగ పిట్టలు ఎప్పటివలెనే కనబడుతూ ఉంటాయి గనుక ఈ నష్టం కంటికి తెలియదు.

పూర్వపు చట్టాలకు ఈ సూక్ష్మం అందలేదు. 1887 చట్టం, 1912 చట్టం పక్షులను ముఖ్యంగా గ్రుడ్లు పెట్టే కాలంలో కాపాడదలచినవి. కాని ఈ పూరేడు తావునుబట్టి ఏడాదిలో చాలా నెలలు గ్రుడ్లు పెడుతుంది. దానికి ఒక కాలమని గీత గీయటం కష్టం. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో వేట లైసెన్సుల పద్ధతి పోయింది. ఇప్పుడు అడవి పూరేడును పట్టటం నేరం. అయితే పంజరం పోయినా దీమం పోలేదు. ముద్రించిన కూతను చేతి ఫోనులో వినిపిస్తే చాలు, పెట్ట పరుగెత్తుకొని వస్తుంది. వేడుకకోసం చేసినా గ్రుడ్లు పెట్టవలసిన పెట్ట లేని శత్రువును వెదకుతూ అలసిపోతుంది.

ఉపాధ్యాయులు విద్యార్థులచేత చేయించదగిన పని వేరే ఉన్నది. ఉదయం, సాయంకాలం ఊరి చివర గట్టుమీద నిశ్శబ్దంగా కూర్చుండి పిలుపులను లెక్కించండి. తేదీ, గంట, చేను, అందులోని పైరు వ్రాసుకోండి. మీరు లెక్కించేది పెట్టలను మాత్రమే అన్న సంగతి మరువవద్దు. మగవి గడ్డి చాటున పొదుగుతూ ఉంటాయి. రెండు మూడేండ్లు ఇట్లా వ్రాస్తే మీ ఊరి పూరేడు ఏ నెలలలో పిలుస్తుందో, ఏ పైరును ఇష్టపడుతుందో తేలుతుంది. ఆనాటి పిట్టలవారికి చెవులే తప్ప కాగితం లేదు. మీకు రెండూ ఉన్నవి.