ఊగిసలాటకు లెక్క కట్టినవారు

ఒక యంత్రం నిలకడగా నడుస్తుందా, అదుపు తప్పుతుందా అన్నది దాన్ని నడిపి చూడకుండానే కాగితం మీద తేల్చవచ్చు. ఇంజనీరింగ్ కాలేజీలో కంట్రోల్ సిస్టమ్స్ చదివే పిల్లలు రౌత్ పట్టిక వేసి పది నిమిషాల్లో ఆ పని చేసేస్తారు. పరీక్షలో అయిదారు మార్కుల ప్రశ్న అది. కానీ ఆ పట్టిక పుట్టడానికి దాదాపు తొంభై ఏళ్లు పట్టింది. దాని వెనక పిండిమరలు, దుర్భిణులు, శనిగ్రహ వలయాలు ఉన్నాయి. యంత్రాలు చేసేవాళ్లను ఏళ్ల తరబడి వేధించిన ఒక చిక్కు కూడా ఉంది. తప్పును సరిదిద్దడానికి పెట్టిన పరికరమే కొత్త తప్పును పుట్టించడం ఆ చిక్కు.

రెండు ఇనప గుండ్లు

కథ 1788లో మొదలవుతుంది. జేమ్స్ వాట్, మాథ్యూ బౌల్టన్ ఇంగ్లండులో ఆవిరి యంత్రాలు తయారుచేసి అమ్ముతున్న రోజులవి. మరకు పని ఎక్కువైతే యంత్రం నెమ్మదించేది, పని తగ్గితే వేగం అందుకునేది. ఎవరో ఒకరు పక్కనే నిలబడి ఆవిరి కవాటం తిప్పుతూ ఉండాల్సి వచ్చేది. లండన్‌లోని ఆల్బియన్ మిల్లులో తిరగలి రాళ్ల మధ్య ఎడాన్ని సరిచేసే ఒక అమరిక బౌల్టన్ కంటపడింది. ఆయన ఆ సంగతి వాట్‌కు ఉత్తరం రాశాడు. వాట్ దాన్ని ఆవిరి యంత్రానికి బిగించాడు. అదే గవర్నర్.

చూడటానికి చాలా సాదా పరికరం. యంత్రంతో పాటు తిరిగే ఒక నిలువు ఇరుసు ఉంటుంది. దానికి కీళ్లతో తగిలించిన రెండు చేతులు, వాటి చివర రెండు ఇనప గుండ్లు. ఇరుసు వేగంగా తిరిగితే గుండ్లు దూరంగా జరిగి పైకి లేస్తాయి. వాటితో పాటు ఇరుసు మీద ఒక తొడుగు కదిలి, మీటను లాగి, ఆవిరి కవాటాన్ని కొంచెం మూస్తుంది. వేగం తగ్గితే గుండ్లు దిగుతాయి, కవాటం తెరుచుకుంటుంది. మనిషి చెయ్యి పడకుండానే యంత్రం తన వేగాన్ని తానే సవరించుకోవడం మొదలుపెట్టింది.

అయితే కొన్ని యంత్రాలు వింతగా ప్రవర్తించేవి. గుండ్లు లేచేవి, కవాటం మూసుకునేది, వేగం తగ్గేది. అక్కడితో ఆగక మరీ తగ్గిపోయేది. అప్పుడు గుండ్లు దిగేవి, కవాటం బార్లా తెరుచుకునేది, వేగం మరీ పెరిగిపోయేది. ఇంజనీర్లు ఈ జబ్బును హంటింగ్ అన్నారు. దీని మూలం ఆలస్యంలో ఉంది. గీజరు నీళ్లు గొట్టంలోంచి వచ్చేలోగా ఓపిక పట్టలేక కుళాయి ఇంకాస్త తిప్పేసి, ఒళ్లు కాలాక వెనక్కి తిప్పి, మళ్లీ చన్నీళ్లకు ఉలిక్కిపడేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. మనం చేసిన మార్పు ఫలితం మనకు అందేలోపే ఇంకో మార్పు చేసేస్తాం.

పంతొమ్మిదో శతాబ్దం నడుమకు వచ్చేసరికి జబ్బు ముదిరింది. పనితనం పెరిగిన కొద్దీ ముదరడమే అసలు ఆశ్చర్యం. మొదటి రోజుల గవర్నర్ల కీళ్లు మొరటువి. వాటిలోని ఘర్షణ ఊగిసలాటను మింగేసేది. నున్నటి కీళ్లు వచ్చాక ఆ మేలు పోయింది. కవాటాలు బరువెక్కాయి. యంత్రాల వేగం పెరిగి ఫ్లైవీల్ చిన్నదైంది. కష్టపడి బాగుచేసిన యంత్రమే ఎక్కువ ఊగుతుంటే ఎందుకో చెప్పగలిగినవాళ్లు కార్ఖానాలో లేరు.

ఖగోళం నుంచి వచ్చిన సాయం

ఇదే చిక్కు గ్రీనిచ్ వేధశాలలో జార్జ్ బిడెల్ ఏరీకి ఎదురైంది. ఆయన బ్రిటన్ రాజ ఖగోళ శాస్త్రవేత్త. నక్షత్రాన్ని వదలకుండా చూడాలంటే భూభ్రమణానికి సరిపడా దుర్భిణి తిరుగుతూ ఉండాలి. అందుకు పెట్టిన గవర్నర్ ఒక్కోసారి అదుపు తప్పి దుర్భిణిని పిచ్చిపట్టినట్టు ఆడించేది. గ్రహాల చలనానికి వాడే అవకలన సమీకరణాలు ఏరీకి కరతలామలకం. వాటినే ఈ పరికరానికీ రాసి 1840లో ఒక వ్యాసం వెలువరించాడు. తనను తాను సవరించుకునే యంత్రం ఎందుకు అదుపు తప్పుతుందో గణితంతో వెతికిన తొలి ప్రయత్నాల్లో అదొకటి.

తర్వాతివాడు జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్. ఆయన కూడా ఖగోళం దారినే వచ్చాడు. శనిగ్రహ వలయాలు చెదరకుండా ఎలా నిలిచి ఉన్నాయన్నది కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆడమ్స్ బహుమతికి పెట్టిన ప్రశ్న. వలయం ఒకే గట్టి కడియమైతే చిన్న కుదుపుకే గ్రహం మీద పడిపోతుందని, ద్రవమైతే ముక్కలవుతుందని, లెక్కలేనన్ని చిన్న శకలాలు విడివిడిగా తిరుగుతుంటేనే నిలుస్తుందని మాక్స్‌వెల్ నిరూపించి బహుమతి గెలిచాడు. 1859లో అచ్చయిన ఆ నిర్ణయం నిజమని 1895లో జేమ్స్ కీలర్ వర్ణపట పరిశీలనతో తేలింది. ఆ పనిలో మాక్స్‌వెల్‌కు పట్టుబడిన పద్ధతి ఇది: చలిస్తున్న వస్తువును ఊహలో కొంచెం కదిపి, ఆ కదలిక కాలంతో పాటు పెరుగుతుందా తరుగుతుందా అని అడగడం.

విద్యుత్ నిరోధానికి ప్రమాణం నిర్ణయించే ప్రయోగాల్లో ఒక తీగచుట్టను ఒకే వేగంతో తిప్పాల్సి వచ్చి మాక్స్‌వెల్‌కు గవర్నర్లతో పని పడింది. శని వలయాలను అడిగిన ప్రశ్ననే ఆయన వాటినీ అడిగాడు. 1868 మార్చి 5న రాయల్ సొసైటీలో చదివిన చిన్న వ్యాసంలో, కుదుపు తిన్న యంత్రానికి నాలుగు గతులే ఉన్నాయన్నాడు. తేడా అంతకంతకూ పెరిగిపోవచ్చు. అంతకంతకూ తగ్గిపోవచ్చు. ఊగుతూ ఆ ఊపు పెరగవచ్చు. ఊగుతూ ఆ ఊపు సద్దుమణగవచ్చు. రెండోదీ నాలుగోదీ స్థిరత్వం, మిగిలినవి అస్థిరత. ఏ యంత్రానికి ఏ గతి పడుతుందో దాని సమీకరణం మూలాలు చెబుతాయి. అన్ని మూలాల వాస్తవ భాగాలూ ఋణాత్మకమైతే యంత్రం నిలదొక్కుకుంటుంది. ఒక్కటి ధనాత్మకమైనా చాలు, అదుపు తప్పుతుంది.

స్థిరత్వం అంటే కదలకుండా ఉండటం కాదనీ, కదిపితే తిరిగి రావడమనీ ఇంజనీర్లకు తేల్చిచెప్పిన వ్యాసం అది. అయితే ఒక అడ్డంకి మిగిలింది. సమీకరణం ఘాతం పెరిగితే మూలాలు కనుక్కోవడం తలకు మించిన పని. మూలాలు కనుక్కోకుండానే వాటి గుర్తులు తెలుసుకోవడం ఎలా? మూడో ఘాతం వరకు మాక్స్‌వెల్ సాధించాడు, అయిదో ఘాతం పూర్తిగా లొంగలేదు. ఆ ఏడాది జనవరి 23న లండన్ మాథమెటికల్ సొసైటీ సమావేశంలో ఆయన దీనికి పద్ధతి ఏదైనా ఎవరికైనా తెలుసా అని సభ్యులను అడిగాడు. విలియం క్లిఫర్డ్ ఒక దారి సూచించాడు కానీ అది చేతిలెక్కకు లొంగేది కాదు. అంతటి మేధావి తనకు తెలియనిది నలుగురిలో అడగడం ఈ కథలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే ఘట్టం. ఆ ప్రశ్న ఊరికే పోలేదు.

ఒకే జవాబు, రెండుసార్లు

1854లో కేంబ్రిడ్జి గణిత పరీక్షలో మాక్స్‌వెల్ రెండో స్థానంలో నిలిచాడు. మొదటి స్థానం ఎడ్వర్డ్ రౌత్‌ది. తర్వాత రౌత్ కేంబ్రిడ్జిలోనే ఉండిపోయి, ఆ పరీక్షకు విద్యార్థులను తయారుచేయడంలో సాటిలేని గురువయ్యాడు. 1877 ఆడమ్స్ బహుమతికి చలన స్థిరత్వమే అంశం. పరీక్షకుల్లో మాక్స్‌వెల్ ఉన్నాడు. బహుమతి రౌత్‌కు దక్కింది. మూలాల జోలికి పోకుండా సమీకరణం గుణకాలతోనే ఒక పట్టిక పేర్చి స్థిరత్వం తేల్చే పద్ధతిని ఆయన ఇచ్చాడు.

దాని శక్తి ఒక చిన్న ఉదాహరణలో చూడవచ్చు. ఘన సమీకరణం గుణకాలు వరుసగా 1, 1, 2, 8 అనుకుందాం. అన్నీ ధన సంఖ్యలే, పైకి ఏ దోషమూ కనబడదు. గుణకాలన్నీ ధన సంఖ్యలైనప్పుడు రౌత్ షరతు ఇది: నడిమి రెండు గుణకాల లబ్ధం మొదటి, చివరి గుణకాల లబ్ధం కంటే ఎక్కువ ఉండాలి. ఇక్కడ నడిమి లబ్ధం 2, రెండోది 8. షరతు తప్పింది, కాబట్టి యంత్రం అస్థిరం. మూలాలు కట్టి చూస్తే నిజమే. ఒకటి మైనస్ 2. మిగతా రెండూ సంకీర్ణ సంఖ్యలు, వాటి వాస్తవ భాగం ప్లస్ అర. అంటే ఊపు పెరుగుతూ పోయే ఊగిసలాట. గుణకాలు 1, 2, 3, 4 అయితే నడిమి లబ్ధం 6, రెండోది 4. యంత్రం నిలకడగా ఉంటుంది. రెండు గుణకారాలతో యంత్రం భవిష్యత్తు తేలిపోయింది.

ఈలోగా రష్యాలో ఇవాన్ విష్నెగ్రాద్‌స్కీ కార్ఖానా వైపు నుంచి బయలుదేరి, ఘర్షణ బొత్తిగా లేని గవర్నర్ పనికిరాదని 1876లో లెక్కతో చూపాడు. పనితనం పెరిగితే ఊగిసలాట ఎందుకు పెరిగిందో ఇంజనీర్లకు అర్థమైంది. మొరటు కీళ్లు చేసిన మేలును ఇకపై చమురు నింపిన డ్యాష్‌పాట్‌తో కావాలనే అమర్చుకోవాలి. ఆయనే తర్వాత రష్యా ఆర్థిక మంత్రి అయ్యాడు.

స్విట్జర్లాండులో నీటి టర్బైన్లు ఇదే చిక్కు తెచ్చాయి. పొడవాటి గొట్టంలో పరుగెత్తుతున్న నీటికి గేటు కొంచెం మూస్తే, గొట్టంలోని నీటి జడత్వం వల్ల గేటు దగ్గర పీడనం పెరుగుతుంది. శక్తి తగ్గాల్సిన క్షణంలో కాసేపు పెరుగుతుంది. జూరిచ్ పాలిటెక్నిక్‌లో పనిచేసే అరెల్ స్టొడొలా ఇవన్నీ కలిపి రాస్తే సమీకరణం ఏడో ఘాతానికి చేరింది. ఆయన అదే సంస్థలోని గణితజ్ఞుడు అడాల్ఫ్ హర్విట్జ్‌ను అడిగాడు. హర్విట్జ్ 1895లో నిర్ధారకాల రూపంలో షరతులు ప్రకటించాడు. దావోస్ పట్టణం టర్బైన్ కేంద్రంలో వాటిని వాడి చూస్తే చక్కగా పనిచేశాయి. రౌత్ పద్దెనిమిదేళ్ల కిందటే ఇదే జవాబు ఇచ్చాడని ఇద్దరికీ తెలియదు. దేశాలు, భాషలు, వృత్తులు గోడలు కట్టుకుని ఉంటే జ్ఞానం ఎంత వృథా అవుతుందో ఇంతకంటే తేటగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో రౌత్, హర్విట్జ్ పేర్లు కలిపే రాస్తారు.

సమీకరణం విప్పకుండానే

ఈ పద్ధతులన్నీ చిన్న కుదుపులను సరళ సమీకరణాలతో లెక్కిస్తాయి. కుదుపు పెద్దదైతే? ఖార్కివ్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న అలెగ్జాండర్ ల్యాపునోవ్ 1892లో తన డాక్టరేట్ గ్రంథంలో ఈ ప్రశ్నను మూలం నుంచి ఎత్తుకున్నాడు. ఆయన నిర్వచనం సూటిగా ఉంటుంది: ఎంత చిన్న హద్దు గీసినా సరే, మొదటి కుదుపు తగినంత చిన్నదైతే చలనం ఎప్పటికీ ఆ హద్దు దాటకపోవాలి. అప్పుడే అది స్థిరం.

దాన్ని పరీక్షించడానికి ఆయన ఇచ్చిన ఉపాయం ఇంకా గొప్పది. ఘర్షణ ఉన్న లోలకం శక్తి ఊగే కొద్దీ తరుగుతుంది. కాబట్టి ఏ క్షణాన ఎక్కడ ఉంటుందో లెక్క కట్టకపోయినా, చివరికి కిందనే ఆగుతుందని చెప్పగలం. ల్యాపునోవ్ దీన్ని శక్తితో సంబంధం లేని వ్యవస్థలకూ విస్తరించాడు. సమతాస్థితిలో సున్నాగా, మరెక్కడైనా ధనాత్మకంగా ఉంటూ, చలనం వెంట తగ్గుతూ పోయే ఒక ప్రమేయం దొరికితే చాలు, సమీకరణం విప్పకుండానే స్థిరత్వం రుజువైనట్టే. 1930లలో కజాన్‌లో చెటాయెవ్ ఈ పద్ధతిని పట్టుకుని విమాన సమస్యలకు వాడాడు. అమెరికా ఇంజనీర్లలో అది వాడుకలోకి వచ్చింది 1960 ప్రాంతంలో, రుడాల్ఫ్ కాల్మన్ లాంటివాళ్ల వల్ల.

టెలిఫోన్ ఇంజనీర్లు ఇంకో దారిలో అదే చోటికి చేరారు. దూరపు కాల్స్‌కు తీగ పొడవునా యాంప్లిఫయర్లు వరుసగా పెట్టాలి, ఒక్కొక్కటీ మాటను కాస్త వికృతం చేస్తుంది. 1927 ఆగస్టు 2న బెల్ సంస్థ ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ హడ్సన్ నది మీద పడవలో ఆఫీసుకు వెళ్తూ, బయటికి వచ్చిన సంకేతంలో కొంత వెనక్కి తిప్పి తీసివేస్తే వికృతి తగ్గుతుందని తోచి, చేతిలోని న్యూయార్క్ టైమ్స్ పేజీ మీదే లెక్క రాసుకున్నాడు. అదే ఋణ ఫీడ్‌బ్యాక్. అయితే తిరిగొచ్చే సంకేతం ఆలస్యమైతే యాంప్లిఫయర్ కూతపెట్టేది. వాట్ గవర్నర్ జబ్బే అది, కాకపోతే సెకనుకు వేలసార్లు. బెల్ సంస్థలోనే పనిచేస్తున్న హారీ నైక్విస్ట్ 1932లో దీనికి జవాబు చెప్పాడు. వేర్వేరు పౌనఃపున్యాల్లో కొలిచిన విలువలతో ఒక వక్రరేఖ గీసి, అది ఒక నిర్దిష్ట బిందువును చుట్టుముడుతుందో లేదో చూస్తే సరిపోతుంది. సమీకరణం కూడా అక్కర్లేదు, కొలతలుంటే చాలు.

నేటి పని

1940 జులై 1న తెరిచిన టకోమా నారోస్ వంతెన ఆ నవంబరు 7న మెలికలు తిరిగి కూలిపోయింది. గంటకు 64 కిలోమీటర్ల గాలి దాని కదలికకు ఇచ్చే శక్తి, వంతెన తనలో అరాయించుకోగలిగిన దాన్ని మించిపోయింది. మాక్స్‌వెల్ చెప్పిన మూడో గతి అదే. మరోవైపు అస్థిరతను కోరి తెచ్చుకున్న విమానాలున్నాయి. చురుగ్గా మలుపు తిరగడానికి మన తేజస్‌ను అస్థిరంగానే రూపొందించారు. కంప్యూటర్లు నిరంతరం రెక్కల పలకలను సవరిస్తూ ఉంటేనే అది ఎగురుతుంది. 2001 జనవరి 4న అది బెంగళూరులో తొలిసారి గాలిలోకి లేవడానికి ముందు ఈ లెక్కలన్నీ దాటింది.

ఇదే లెక్క మన విద్యుత్ గ్రిడ్డుకూ కావాలి. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూర్ మధ్య లైను కలిపాక దక్షిణాది గ్రిడ్డు దేశపు గ్రిడ్డులో భాగమైంది. శ్రీశైలం టర్బైను, ఉత్తరాదిలోని థర్మల్ కేంద్రం ఇప్పుడు ఒకే 50 హెర్ట్జ్ లయలో తిరుగుతాయి. ఒకచోట భారం పెరిగితే దేశమంతటా గవర్నర్లు ఒకేసారి స్పందిస్తాయి. ఎంత గట్టిగా సరిదిద్దాలి, ఎంత ఆలస్యం ఓర్చుకోగలం, మిగులు శక్తి ఎక్కడ కరగాలి అన్న మూడు ప్రశ్నలకూ ముందే జవాబు కట్టి ఉంచకపోతే అవన్నీ ఒకదాన్నొకటి ఊపేస్తాయి. సౌర విద్యుత్తు పెరుగుతున్న కొద్దీ గ్రిడ్డులో తిరిగే బరువైన చక్రాల వాటా తగ్గుతోంది, పాత లెక్కలు మళ్లీ కట్టాల్సి వస్తోంది. ఆ పని చేయబోయేది ఇవాళ రౌత్ పట్టిక నేర్చుకుంటున్న పిల్లలే. అది మార్కుల కోసం కాదని, ఊళ్లకు ఊళ్లు చీకట్లో మునగకుండా కాపాడే లెక్క అని వాళ్లకు ఇప్పుడే తెలియాలి.