షల్ ఎవర్ నుంచి ప్రాబబ్లీ వోంట్ దాకా

విజయనగరం మహారాజావారు ఇంగ్లీషు బడి పెట్టింది 1857లో. 1879లో అది కాలేజీ అయింది. అప్పట్లో మామూలు జనానికి ఇంగ్లీషుతో పని పడేది కచేరీ మెట్లెక్కినప్పుడే. దొరగారికి పెట్టుకునే అర్జీ చివర ‘షల్ ఎవర్ ప్రే’ అని రాయడం ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో ఆనవాయితీ. తమరి మేలు కోరి ఎల్లకాలం ప్రార్థిస్తుంటామని దాని భావం. ‘షల్’ సహాయక్రియ, ‘ఎవర్’ క్రియావిశేషణం. ‘ఎవర్’ అక్కడే ఎందుకుండాలని అర్జీ రాసేవాడు అడిగే పని లేదు. వాక్యం మొత్తం తయారుగానే చేతికొచ్చేది.

బడిలోనూ ఇదే వరస. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన గురజాడ నాటకం ‘కన్యాశుల్కం’ చదివినవాళ్లకి అగ్రహారంలో గిరీశం, వెంకటేశం ఇంగ్లీషు దంచే ఘట్టం గుర్తుండే ఉంటుంది. వెంకటేశం తల్లి ముచ్చటపడి అడిగితే గురుశిష్యులిద్దరూ పిల్లల పద్యం ముక్కా, రేఖాగణితం ముక్కా ఒకరిమీదొకరు విసురుకుంటారు. వినేవాళ్లకి అది మాట్లాడుకోవడమే. నిజానికి అందులో ఒకరన్నదానికి రెండోవారి జవాబు లేదు. అనుమానం, అవకాశం, మొహమాటం చెప్పాల్సిన చోటే ‘మే’, ‘మైట్’, ‘పర్‌హాప్స్’ లాంటివి కావాలి. వల్లెవేసిన చదువుకి వాటితో ఏం పని? 1883లోనే ఇంగ్లీషులో ‘సారంగధర’ కావ్యం రాసిన గురజాడకి ఈ తేడా తెలియకపోదు. నవ్వించాడు గానీ ఆ నవ్వు బడిమీదే.

తర్వాత వ్యాకరణాల రోజులొచ్చాయి. 1890లలో నెస్‌ఫీల్డ్, 1930లలో రెన్, మార్టిన్. ‘ఐ’ పక్కన ‘షల్’, ‘హీ’ పక్కన ‘విల్’ అని తరాల తరబడి పిల్లలు బట్టీపట్టారు. సహాయక్రియలది ఒక అధ్యాయం, క్రియావిశేషణాలది ఇంకో అధ్యాయం. మాటల్లో కలిసి తిరిగే రెంటినీ పుస్తకంలో విడివిడిగా కాపురం పెట్టించారు.

ఈ మధ్యలో ఇంగ్లీషు చదువుకి మంచి అవకాశం ఒకటి వచ్చి చేజారింది. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టి, విజయనగరంలో చదివి, పర్లాకిమిడిలో పంతులుగా స్థిరపడ్డ గిడుగు రామమూర్తి సవరభాషని సవరల నోటే విని నేర్చుకున్నారు. ఆ కృషి 1931లో వ్యాకరణంగా, 1938లో నిఘంటువుగా బయటికొచ్చింది. భాష నేర్చుకోవడానికి ఇదే దారి, ముందు చెవి, తర్వాత నోరు, ఆపైనే సూత్రం అని యూరపులో భాషావేత్తలు స్వీట్ 1899లో, యెస్పర్సన్ 1904లో పుస్తకాలు రాశారు. బడుల తనిఖీకి వచ్చిన యేట్స్ దొర తెలుగులో జనం మాటకీ పుస్తకం మాటకీ ఈ దూరమేమిటని అడిగితే, విశాఖలో ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్ ఆయన్ని గురజాడ, గిడుగుల దగ్గరికే పంపారు. ఆ చర్చ తెలుగుని మార్చేసింది. ఇంగ్లీషు క్లాసుకి మాత్రం దానివల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదని నా అభిప్రాయం.

క్రియావిశేషణం ఎక్కడ కూర్చోవాలన్నది తేల్చినవాళ్లలో హెరాల్డ్ పామర్, హార్న్‌బీ ముఖ్యులు. హార్న్‌బీ వాక్యనమూనాల పుస్తకం 1954లో వచ్చింది. సూత్రం తేలికే: మామూలు క్రియకి ముందు, సహాయక్రియకి వెనక. ‘హీ ఆల్వేస్ కమ్స్’, కానీ ‘హీ కెన్ ఆల్వేస్ కమ్’. ఇంతవరకు మన పిల్లలు పట్టేస్తారు. ‘హీ విల్ ప్రాబబ్లీ కమ్’ కూడా సరే. వ్యతిరేకంలోకి వెళ్లగానే ‘హీ ప్రాబబ్లీ వోంట్ కమ్’ అని ‘ప్రాబబ్లీ’ ముందుకి గెంతుతుంది. ‘ఐ రియల్లీ కాంట్ సే’ అంటే చెప్పడం నావల్ల కాదని గట్టిగా అనడం. ‘ఐ కాంట్ రియల్లీ సే’ అంటే అంత కచ్చితంగా చెప్పలేనని నసగడం. ఒక్క మాట అటునుంచి ఇటు జరిగితే మనిషి స్వరమే మారిపోతోంది.

మనకి ఈ చిక్కు ఎందుకంటే, తెలుగులో ఊహ, అనుమానం చెప్పే భారమంతా వాక్యం తోక మోస్తుంది. శ్రీకాకుళం పల్లెలో ‘ఎల్లిపోనాడు గావాల’ అంటే చాలు, ఊహ అని తెలిసిపోతుంది. ‘బహుశా’ ముందు చేర్చినా తప్పులేదు, ‘బహుశా రాడేమో’ అని ఊహని రెండుసార్లు చెబుతాం. ఇంగ్లీషూ అలా రెండుసార్లు చెబుతుంది, కానీ జోడీ కుదరాలి. ‘మే పాసిబ్లీ’, ‘మస్ట్ సర్టెన్‌లీ’ కుదిరిన జోడీలు. మన దరఖాస్తుల్లో కనబడే ‘మే ప్రాబబ్లీ’లో ఒకటి ఊగుతోంది, ఇంకొకటి మొగ్గుతోంది. ఇలాంటి పొత్తు గురించి 1977లో భాషాశాస్త్రవేత్త జాన్ లయన్స్ రాశాడు. 1997లో లియో హోయ్ ఈ జోడీల మీదే ఒక పుస్తకం వేశాడు.

ఇంగ్లీషు మాస్టార్లకి ఒక మనవి. సహాయక్రియల పట్టిక గోడకి తగిలించేటప్పుడు పక్కన ఒక గడి ఖాళీగా ఉంచండి. ఏ క్రియకి ఏ మాట తోడొస్తుందో, వ్యతిరేకంలో అదెక్కడికి జరుగుతుందో పిల్లల చేత పలికించి, వాళ్ల చేతే అందులో రాయించండి.