జల్లెడ పట్టని పిండి: మన ఇంటి బిస్కట్ చరిత్ర

ఇటువంటి సంచికల్లో బాదుషాల చరిత్ర, కోటల చరిత్ర, ఔలియాల చరిత్ర చదవడం మనకు అలవాటు. ఈ తడవ నేను గోధుమ పిండి చరిత్ర చెప్పబోతున్నాను. పిండికి కూడా చరిత్ర ఏమిటని ఎవరికైనా నవ్వు వస్తే రావచ్చు. కానీ ఈద్‌కు మన ఇంట్లో డబ్బా నిండా చేసి పెట్టుకునే బిస్కట్లు, ముహర్రంలో చేసే రోట్లు, బిడ్డను అత్తవారింటికి పంపేటప్పుడు కట్టి ఇచ్చే నాన్‌ఖతాయీలు, వీటన్నిటి వెనుకా ఒక పెద్ద ప్రయాణం ఉంది. ఆ ప్రయాణంలో ముఖ్యమైన వస్తువు పొయ్యి కాదు, నెయ్యి కాదు. జల్లెడ. పిండిని ఎవరు జల్లించి తిన్నారు, ఎవరు జల్లించకుండా తిన్నారు అని చూసుకుంటూ పోతే సగం చరిత్ర దానంతట అదే బయటపడుతుంది.

ముందుగా మదీనా నుంచి మొదలుపెడదాం. సహీ బుఖారీలో హజ్రత్ సహ్ల్ బిన్ సఅద్ (రజి) చెప్పిన ఒక హదీసు ఉంది. ప్రవక్త (స) తెల్లటి మేలు రకం పిండి తిన్నారా అని ఒకరు ఆయనను అడిగారు. ప్రవక్త పదవి వచ్చినది మొదలు వఫాత్ అయ్యేదాకా అటువంటి పిండిని ఆయన చూడనేలేదని జవాబు వచ్చింది. మరి జల్లెడలైనా ఉండేవా అంటే, అవీ లేవన్నారు. బార్లీని విసిరి, నోటితో ఊదితే ఎగిరిపోయేది ఎగిరిపోయేది, మిగిలినదాన్ని తడిపి రొట్టె చేసుకునేవారట. అంటే ఆ పుణ్య గృహంలో వండినది పొట్టుతో ఉన్న ముతక పిండే.

ఆ పిండి వెనుక చేతులు కూడా ఉన్నాయి. ప్రవక్త (స) ముద్దుల కుమార్తె హజ్రత్ ఫాతిమా (రజి) తిరగలి విసిరి విసిరి చేతులు నొప్పిపెట్టి, పనికి ఒక మనిషిని ఇప్పించమని అడగడానికి తండ్రిగారి ఇంటికి వెళ్ళారు. ఆయన పనిమనిషిని ఇవ్వలేదు. పడుకునే ముందు చదువుకోమని సుబ్‌హానల్లాహ్ 33 సార్లు, అల్‌హందులిల్లాహ్ 33 సార్లు, అల్లాహు అక్బర్ 34 సార్లు నేర్పారు. దానినే మనం తస్బీహె ఫాతిమా అంటాం. రోజూ ఆ తస్బీహ్ చదివే మనకు దాని వెనుక ఒక తిరగలి ఉందన్న మాట ఎంతమందికి గుర్తుంటుంది?

తరువాతి కాలంలో రాజ్యం విస్తరించింది, సంపద పెరిగింది, జల్లెడ కూడా వచ్చింది. 1226లో ముహమ్మద్ బిన్ అల్‌హసన్ అల్‌బగ్దాదీ రాసిన వంటల గ్రంథంలో ఖుష్కనానజ్ అనే పదార్థం ఉంది. సన్నటి తెల్ల పిండిని నువ్వుల నూనెతో కలిపి, మధ్యలో బాదం పొడి, చక్కెర పెట్టి, భట్టీలో కాల్చేవారు. మన బిస్కట్‌కు ఇది తాతగారి వరుస అనుకోవచ్చు. అయితే అందులో వాడినది తెల్ల పిండి అన్నది గమనించాలి. చేత్తో విసిరిన పిండిని మళ్ళీ మళ్ళీ జల్లిస్తే తప్ప తెలుపు రాదు. దానికి మనుషులు కావాలి, జల్లించాక పోయే నష్టాన్ని భరించే సంపద కావాలి. అంచేత తెల్ల రొట్టె గొప్ప ఇంటి గుర్తు అయింది, ముతక రొట్టె బీద ఇంటి గుర్తు అయింది. అక్బరు పాదుషా వంటశాల లెక్కలు రాసిన అబుల్ ఫజల్ కూడా ఐనె అక్బరీలో రొట్టె కొలతలు ఇచ్చాడు. భట్టీలో కాల్చే పెద్ద రొట్టెకు 10 సేర్ల పిండి, 5 సేర్ల పాలు, ఒకటిన్నర సేరు నెయ్యి, పావు సేరు ఉప్పు. వట్టి నీళ్ళు, ఉప్పుతో చేసుకునే బీదవాడి రొట్టెకూ దీనికీ ఎంత దూరమో చూడండి.

ఇక మన దక్కన్‌కు వద్దాం. ఇక్కడ గోధుమ రోజువారీ తిండి కాదు. తెలంగాణలో జొన్నరొట్టె, కోస్తాలో వరి అన్నం. నిజాం రాష్ట్రంలో గోధుమ ఎక్కువగా మరాఠ్వాడా జిల్లాల్లో పండేది. అందువల్ల సామాన్యుల ఇంట్లో గోధుమ అంటే పండుగ ధాన్యం, మొక్కుబడి ధాన్యం. ఇంట్లోనే ఏరి, కడిగి, ఎండబెట్టి, తిరగలిలో విసిరేవారు. కష్టపడి తెచ్చుకున్న గింజలో పొట్టు తీసి పారేయడానికి ఎవరికి మనసొప్పుతుంది?

ఆ తిరగలి దగ్గర వట్టి పిండే తయారు కాలేదు. బీజాపూర్ సూఫీ పెద్దలు ఆడవాళ్ళు విసిరేటప్పుడు పాడుకోవడానికి దక్కనీ భాషలో చక్కీనామాలు రాశారు. తిరగలి పిడిని, నడిమి కీలును చూపించి తౌహీదు, రిసాలతు పాఠాలు చెప్పిన పాటలవి. అమెరికా చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ 1978లో బీజాపూర్ సూఫీల మీద వెలువరించిన గ్రంథంలో వీటిని వివరంగా చర్చించాడు. పల్లెటూరి ఇళ్ళలోకి, ముఖ్యంగా స్త్రీలలోకి, ఇస్లాం భావాలు చేరడానికి ఇటువంటి పాటలు దారి వేశాయని ఆయన అభిప్రాయం. ఉర్దూ సాహిత్య చరిత్ర చెప్పేటప్పుడు గజళ్ళతో పాటు ఈ పాటలను కూడా పిల్లలకు చెప్పాలి. మన భాష తొలి బడుల్లో తిరగలి గట్టు కూడా ఒకటి.

ఆ పండుగ గోధుమతో మన ఇళ్ళలో పుట్టినదే రోట్. గోధుమ పిండి, కొంచెం రవ్వ, నెయ్యి, బెల్లమో చక్కెరో, యాలకులు, గసగసాలు కలిపి ముద్ద చేసి, మందంగా తట్టి, నిప్పుల మీద పెట్టి, మూత మీద కూడా నిప్పులు పేర్చి కాల్చేవారు. కిందా పైనా సెగ తగులుతుంది గనుక దమ్ కా రోట్ అన్నారు. ఆ రోజుల్లో ఇళ్ళలో ఓవెన్ ఎక్కడిది? ఆ నిప్పుల మూతే ఓవెన్. ముహర్రం ఫాతెహా విషయంలో మనలో మనకు అభిప్రాయ భేదాలు ఉండవచ్చు గానీ, రోట్ రుచి విషయంలో ఏ జమాతుకూ భేదాభిప్రాయం ఉన్నట్టు నేను వినలేదు. దక్కన్ ముసల్మానుల పండుగలు, ఆచారాలు, తిండి తిప్పలు వర్ణించిన ఖానూనె ఇస్లాం అనే గ్రంథం 1832లో లండన్‌లో హెర్క్‌లాట్స్ అనే డాక్టరు ఇంగ్లీషు అనువాదంగా వెలువడింది. దాని మూల రచయిత జాఫర్ షరీఫ్ మన ఏలూరు ప్రాంతంలో పుట్టినవాడే. మన ఇంటి ఆచారాలు గ్రంథంలోకి ఎక్కించిన ఆ తెలుగు నేల మనిషిని మనమే మరచిపోయాం.

అసఫ్‌జాహీల కథ ఒకటి అందరూ చెప్పుకునేదే. మొదటి నిజాంకు హజ్రత్ నిజాముద్దీన్ ఔరంగాబాదీ అనే బుజుర్గు పసుపు గుడ్డలో ఏడు కుల్చాలు కట్టి ఇచ్చి, ఏడు తరాలు రాజ్యం ఉంటుందని దుఆ చేశారని. వారి పసుపు జెండాలో నడుమ కనిపించే గుండ్రటి గుర్తు ఆ కుల్చాయేనని పెద్దలు చెప్పేవారు. కథ నిజానిజాలు అటుంచి, రాజ్యానికి గుర్తుగా కత్తి కాకుండా రొట్టెను తలచుకున్న జనం మనసు ఇందులో తెలుస్తుంది.

ఇక బిస్కట్ మాట. రెండుసార్లు కాల్చినది అని అర్థం ఉన్న లాటిన్ మాటల నుంచి ఈ పేరు వచ్చింది. నావికులు, సిపాయిలు నెలల తరబడి దాచుకోవడానికి తేమ లేకుండా కాల్చిన రొట్టె అది. నాన్‌ఖతాయీ పేరులో నాన్ అంటే ఫార్సీలో రొట్టె, ఖతా అంటే చైనా దేశానికి పాత పేరు. ఇంగ్లీషు వారి కాలంలో కంటోన్మెంట్ల దగ్గర బేకరీలు లేచాయి. వాటిలో పని చేసినవారు చాలాచోట్ల మన నాన్‌బాయీలు. మన చేతి బిస్కట్ తింటే కులం పోతుందని భయపడిన కాలం కూడా ఒకటి ఉంది. బెంగాలులో రాజ్‌నారాయణ్ బోస్ 19వ శతాబ్దం నడుమ బ్రహ్మ సమాజంలో చేరినప్పుడు, కట్టుబాటు తెంచుకున్నందుకు గుర్తుగా బిస్కట్లు తిన్నాడట! ఇవాళ హైదరాబాద్ ఇరానీ హోటల్లో చాయ్‌లో బిస్కట్ ముంచుకునేవాడు పక్కవాడి కులం అడగడు, కాల్చినవాడి మతం అడగడు. ఉపన్యాసాలు చేయలేని పని ఒక భట్టీ చేసి పెట్టింది.

కానీ అదే కాలంలో పిండి మారిపోయింది. 19వ శతాబ్దంలో హంగరీ దేశంలో ఉక్కు రోలర్ల మరలు వృద్ధి చెందాయి. 1870 తరువాత అవి ప్రపంచమంతా పాకాయి. రాయి గింజ మొత్తాన్ని నలిపేస్తుంది. రోలర్ అలా కాదు, గింజను విప్పి, పొట్టునూ మొలకనూ వేరు చేసి, నడిమి తెల్ల భాగాన్ని మాత్రమే పిండి చేస్తుంది. గోధుమ గింజలో ఆ తెల్ల భాగం సుమారు 83 పాళ్ళు, పొట్టు 14 పాళ్ళు, మొలక రెండు మూడు పాళ్ళు. ఆ కొంచెం మొలకలోనే నూనె ఉంది, వాసన ఉంది, విటమిన్లు ఉన్నాయి. నూనె ఉంది కాబట్టే త్వరగా చెడుతుంది. మొలక తీసేసిన మైదా నెలల తరబడి గిడ్డంగిలో నిలవ ఉంటుంది. వ్యాపారికి కావలసినది అదే. ఒకప్పుడు బాదుషాలు మాత్రమే తిన్న తెల్ల పిండి అందరికీ చవకగా అందింది. గొప్పవారి తిండి మాకూ దొరికిందని బీదవారు సంతోషించారు. ఇప్పుడు చక్రం తిరిగింది. పొట్టుతో ఉన్న పిండి బిస్కట్‌ను ఎక్కువ ధరకు అమ్ముతున్నారు, మైదా బిస్కట్ బీదవాడి పిల్లవాడి చేతిలో ఉంది. బడిలో పిల్లల్ని ఆటాకూ మైదాకూ తేడా ఏమిటని అడిగితే, రెండూ ఒకే గింజ నుంచి వస్తాయని చెప్పగలిగేవారు కొద్దిమందే.

మన ప్రాంతంలో గోధుమ ఇంటింటికీ చేరినది స్వాతంత్ర్యం తరువాతే. 1956 ఒప్పందం ప్రకారం అమెరికా గోధుమ ఓడల్లో వచ్చి రేషన్ షాపులకెక్కింది. 1966లో 18,000 టన్నుల మెక్సికో విత్తనాలు తెప్పించాక ఉత్తరాది పంట పెరిగింది. దానితో బస్తీ బస్తీకీ గిర్నీలు వచ్చాయి. ఈద్ ముందు గోధుమలు గిర్నీలో పట్టించుకుని, నెయ్యి, చక్కెర కలిపి, తట్టలో పెట్టుకుని బేకరీకి తీసుకుపోయి, కూలి ఇచ్చి కాల్పించుకోవడం మన ఇళ్ళలో వాడుక అయింది. డబ్బా ఎవరిదో తెలియడానికి మూత మీద పేరు రాసేవారు. గిర్నీ రావడం మంచిదే అయింది. తిరగలి పాటలు ఎంత తీపైనా, తెల్లవారుజామున లేచి విసిరిన మన నానీల, దాదీల చేతుల బొబ్బలు తీపి కాదు. పోయిన తిరగలి కోసం నేను బాధపడటం లేదు. గిర్నీ ఉండగానే సీల్ వేసిన పొట్లానికి అలవాటు పడి, తాజా పిండి వాసన మరచిపోతున్నామే, అదే నా బాధ.

చరిత్ర చెప్పి ఊరుకుంటే కడుపు నిండదు కాబట్టి చేసే పద్ధతి కూడా చెబుతాను. గోధుమలు గిర్నీలో సన్నగా పట్టించండి. పిండి వేడిగా వస్తుంది. ఆ వేడిలోనే కలిపితే నెయ్యి కరిగి బిస్కట్ పరుచుకుపోతుంది, పూర్తిగా చల్లారనివ్వాలి. పావు కిలో పిండికి 150 గ్రాముల పేరుకున్న నెయ్యి, 125 గ్రాముల చక్కెర పొడి, చిటికెడు ఉప్పు, అర చెంచా బేకింగ్ పౌడరు, యాలకుల పొడి. ముందు నెయ్యి, చక్కెర బాగా నురగ వచ్చేలా గిలకొట్టి, తరువాత పిండి కలపాలి. రొట్టె పిండిలా పిసకకూడదు, పిసికితే సాగి గట్టిపడుతుంది. ముద్ద కట్టకపోతే రెండు మూడు చెంచాల పాలు చాలు. పొట్టు తడి పీల్చుకోవడానికి 20 నిమిషాలు మూత పెట్టి ఉంచాలి, మైదాకు ఈ అవసరం అంతగా లేదు. ఉండలు చేసి, కొంచెం వత్తి, 160, 170 డిగ్రీల సెగలో సుమారు 20 నిమిషాలు కాల్చాలి. ఓవెన్ లేనివారు మందపాటి గిన్నెలో ఉప్పు లేక ఇసుక పోసి, బాగా వేడెక్కాక, లోపల స్టాండు మీద పళ్ళెం పెట్టి, మూత వేసి సన్న సెగ మీద కాల్చుకోవచ్చు. తీయగానే మెత్తగా ఉంటాయి, ఆరాక కరకరలాడతాయి. మిగిలిన పిండిని ఎక్కువ రోజులు ఉంచుకోకుండా వాడేయండి.

ఇంకొక మాట. ఇది చక్కెర జబ్బుకు మందు అని ఎవరూ అనుకోవద్దు. ఎంత మంచి పిండి అయినా ఇందులో నెయ్యి, చక్కెర ఉండనే ఉన్నాయి. ఒకటి రెండు తిని డబ్బా మూత పెట్టడం కూడా మన సున్నతే.

చివరగా నా మనవి. మన ఇళ్ళలో ఇంకా పాత కొలతలు తెలిసిన పెద్దవాళ్ళు ఉన్నారు. వారు గ్రాములు చెప్పరు. ఒక పావులీ, గుప్పెడు, చేతికి అంటనంత అని చెబుతారు. ఆ మాటలు వారితోనే పోతాయి. ఈ సెలవుల్లో ప్రతి ఇంట్లో ఒక అబ్బాయో అమ్మాయో నోటుబుక్కు పట్టుకుని అమ్మమ్మ పక్కన కూర్చుని ఆమె చెప్పినది చెప్పినట్టు, ఉర్దూలోనో తెలుగులోనో, రాసుకోవాలి. రాసేటప్పుడు ఆమె పేరు కూడా రాయాలి. బాదుషాల పేర్లు రాసిపెట్టడానికి ఆస్థానాల్లో మనుషులు ఉండేవారు. మన ఇంటి పిండి కలిపిన చేతుల పేర్లు మనం రాయకపోతే ఇంకెవరూ రాయరు.

అల్లాహ్ మన రిజ్‌ఖ్‌లో బర్కత్ ఇవ్వాలని, మన ఇళ్ళ పొయ్యిలు చల్లారకుండా చూడాలని దుఆ చేద్దాం. ఆమీన్.