నుదుటి మీద పచ్చబొట్టా, ఊళ్లో వార్డా? సికిల్ సెల్ చెప్పే చరిత్ర



ఆసుపత్రుల చరిత్ర అనగానే కట్టించిన నవాబు పేరో, రిబ్బన్ కత్తిరించిన మంత్రి పేరో చెప్తారు. ఆ వార్డు కావాలని అడిగినవాళ్ల పేర్లు శిలాఫలకం మీదికి ఎక్కవు. ఈ వారం అలా అడిగి తెచ్చుకున్న ఒక వార్డు గురించి రాస్తున్నాను. అది సికిల్ సెల్ వార్డు. ఏజెన్సీ ఊళ్లలో, హాస్టళ్లలో పిల్లల వేళ్లు గుచ్చి నెత్తురు పరీక్ష చేసి, చేతిలో కార్డు పెడుతున్న రోజులివి. కార్డు వచ్చాక ఏమిటి? ఈ ప్రశ్న గట్టిగా అడగాలంటే చరిత్ర తెలిసి ఉండాలి.

ముందు జబ్బు సంగతి. మామూలు ఎర్రకణం గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. ఎంత సన్నటి నాళంలోంచైనా వంగి జారిపోతుంది. సికిల్ సెల్ జబ్బున్నవాళ్లలో ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆ కణం కొడవలిలా వంకర తిరిగి గట్టిపడి నాళాలకు అడ్డం పడుతుంది. అడ్డం పడ్డ చోటల్లా భరించలేని నొప్పి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జన్యువులూ వస్తే జబ్బు. ఒక్కటే వస్తే ఆ మనిషి క్యారియర్, మామూలుగా బతుకుతాడు. ఇద్దరూ క్యారియర్లయితే పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి.

ఇది పుట్టుకతో వచ్చేదే. కానీ దీని కథ మొదటి నుంచీ అంటురోగాలతో ముడిపడి ఉంది. క్యారియర్లకు ప్రాణాలు తీసే మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుందని 1954లో ఆంథొనీ ఆలిసన్ చూపించాడు. అందుకే మలేరియా తరతరాలుగా పీడించిన చోట్లే ఈ జన్యువు నిలిచింది. ఆఫ్రికాలో ఉంది, గ్రీసులో ఉంది, సిసిలీలో ఉంది, అరేబియాలో ఉంది, మన అడవుల్లోనూ ఉంది. అంటే ఇది జాతి గుర్తు కాదు, కులం గుర్తు కాదు. దోమ పెట్టిన గుర్తు. రెండో ముడి ఇంకా ప్రాణాంతకమైనది. ఈ జబ్బు పసితనంలోనే ప్లీహాన్ని దెబ్బతీస్తుంది. ప్లీహం పనిచేయని బిడ్డను న్యూమోకాకస్ లాంటి బాక్టీరియా గంటల్లో చంపేయగలదు. అందుకే సికిల్ సెల్ వార్డు అంటే పుట్టుక జబ్బును, అంటుజబ్బును ఒకే కప్పు కింద చూడాల్సిన చోటు.

వైద్య పుస్తకాల్లో ఈ కథ 1904లో చికాగోలో మొదలవుతుంది. గ్రెనడా దీవి నుంచి దంతవైద్యం చదవడానికి వచ్చిన వాల్టర్ క్లెమెంట్ నోయెల్ అనే ఇరవయ్యేళ్ల నల్లజాతి విద్యార్థి ఆసుపత్రిలో చేరాడు. ఎర్నెస్ట్ ఐరన్స్ అనే జూనియర్ డాక్టర్ అతని నెత్తురును మైక్రోస్కోపులో చూసి వంకర కణాలను గుర్తించాడు. 1910లో సీనియర్ డాక్టర్ జేమ్స్ హెరిక్ దాన్ని పత్రికలో ప్రచురించాడు. పేరు హెరిక్‌కి వచ్చింది. ఆ వ్యాసంలో నోయెల్ పేరు కూడా లేదు. చదువు ముగించుకుని తన దీవికి వెళ్లి పళ్ల డాక్టరుగా పనిచేసిన నోయెల్ 1916లో 32 ఏళ్లకే చనిపోయాడు. చంపింది న్యుమోనియా. పుట్టుక జబ్బు, అంటుజబ్బు కలిసి మనిషిని ఎలా తీసుకుపోతాయో మొదటి రోగే చెప్పి వెళ్లాడు. వినడానికి వైద్యానికి ఇంకో డెబ్బై ఏళ్లు పట్టింది.

ఆ డెబ్బై ఏళ్లూ సైన్స్ నిద్రపోలేదు. 1949లో లైనస్ పౌలింగ్ బృందం ఇది హిమోగ్లోబిన్ అణువులోనే ఉన్న లోపమని తేల్చింది. అణువు దగ్గర మొదలయ్యే జబ్బు అని నిరూపణ అయిన మొదటి జబ్బు ఇదే. 1957 నాటికి వెర్నన్ ఇన్‌గ్రామ్ అందులో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారిందని కనిపెట్టాడు. సూది మొనంత తేడా కూడా పట్టుకున్నారు. కానీ నొప్పితో మెలికలు తిరిగే నల్లపిల్లవాడికి ఒక మంచం ఎక్కడుంది? ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. చాలామంది అమెరికన్ డాక్టర్లు అప్పటిదాకా దీన్ని 'నీగ్రో రక్తం' లక్షణంగా చూశారు. తెల్లవాడిలో కనిపిస్తే అతని పూర్వీకుల్లో నల్లవాళ్లున్నారేమోనని అనుమానించారు. రోగిని చూడాల్సిన చోట వంశం చూశారు. ఈ చూపు మనకు కొత్తదా మిత్రులారా?

ఇంకో మాట చెప్తాను. రెండు నోబెల్ బహుమతులు పొందిన అదే పౌలింగ్, 1968లో రాసిన వ్యాసంలో, ఇలాంటి జన్యువులున్న యువతీయువకుల నుదుటి మీద పచ్చబొట్టు వేస్తే మంచిదని సూచించాడు. ఒకరినొకరు చూసి గుర్తుపట్టి పెళ్లి మానుకుంటారట. అణుబాంబులకు వ్యతిరేకంగా పోరాడిన శాంతివాది ఆయన. చెడ్డవాడని చెప్పడానికి ఇది రాయలేదు. వైద్యం ఇవ్వకుండా గుర్తు వేయడం అనే ఆలోచన మంచివాళ్ల బుర్రలోకి కూడా ఎంత సులువుగా వస్తుందో చెప్పడానికి రాస్తున్నాను. మెడలో ముంత, నడుముకు చీపురు కట్టుకు తిరిగిన వాళ్ల మనవలం మనం. గుర్తు వేయడం అంటే ఏమిటో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

లెక్క మార్చింది ఇద్దరు. ఒకరు హోవర్డ్ యూనివర్సిటీ నల్లజాతి పిల్లల డాక్టర్ రోలండ్ స్కాట్. 1970లో ఆయన అంకెలు ముందు పెట్టాడు. 1967లో అమెరికాలో సికిల్ సెల్ కొత్త కేసులు 1,155 అని, ఎక్కువగా తెల్లపిల్లలకు వచ్చే సిస్టిక్ ఫైబ్రోసిస్ కేసులు 1,206 అని అంచనా. అంటే దాదాపు సమానం. మరి విరాళాలు? సిస్టిక్ ఫైబ్రోసిస్‌కు 19 లక్షల డాలర్లు. 813 కేసులున్న కండరాల క్షీణత జబ్బుకు 79 లక్షలు. సికిల్ సెల్‌కు లక్ష కూడా లేదు. ఒక్క పేరాలో జాతి వివక్షను ఇంతకంటే స్పష్టంగా ఎవరూ రాయలేరు.

రెండోవాళ్లు బ్లాక్ పాంథర్లు. తుపాకుల ఫొటోలే మనకు చూపించారు గానీ, వాళ్లు ఊరూరా ఉచిత క్లినిక్కులు నడిపారు. 1971 నుంచి తమ పేటల్లో, సభల్లో, ఇంటింటికీ తిరిగి సికిల్ సెల్ పరీక్షలు చేశారు. వేలాదిమంది మొదటిసారి ఆ జబ్బు పేరు విన్నది వాళ్ల పత్రికలోనే. అదే ఏడాది నిక్సన్ ప్రభుత్వం నిధులు పెంచుతామని ప్రకటించింది. 1972 మేలో జాతీయ సికిల్ సెల్ చట్టం వచ్చింది. ప్రత్యేక కేంద్రాలు మొదలయ్యాయి.

కానీ ఆ రోజుల్లోనే ఒక పెద్ద ప్రమాదం జరిగింది. చాలా రాష్ట్రాలు స్కూలు పిల్లలకు, పెళ్లి లైసెన్సుకు వచ్చేవాళ్లకు పరీక్ష తప్పనిసరి చేశాయి. చేతిలో ఉన్న చవక పరీక్ష జబ్బుకూ, క్యారియర్‌కూ తేడా చెప్పదు. తేడా విడమరిచి చెప్పే మనిషి లేడు. ఫలితంగా ఏ జబ్బూ లేని క్యారియర్లకు ఉద్యోగాల్లో, ఇన్సూరెన్సులో తలుపులు మూసుకున్నాయి. అమెరికా వైమానిక దళ అకాడమీ క్యారియర్లను చేర్చుకోకుండా పెట్టిన నిషేధం 1981లో గానీ పోలేదు. పరీక్ష వచ్చింది, వార్డు రాలేదు. మధ్యలో మిగిలింది ముద్ర.

వార్డు అంటే ఏమిటో చూపించింది ఒక చిన్న పేద దేశం, జమైకా. కింగ్‌స్టన్‌లోని సికిల్ సెల్ యూనిట్‌లో గ్రాహం సర్జెంట్ బృందం 1973 నుంచి 1981 వరకు లక్షమంది నవజాత శిశువులను పరీక్షించి, జబ్బున్న పిల్లలను ఏళ్ల తరబడి వెంట ఉండి చూసుకుంది. పిల్లలు ఎందుకు చనిపోతున్నారో అక్కడ తేలింది. ఒకటి ఇన్ఫెక్షన్. రెండోది, ఉన్నట్టుండి నెత్తురంతా ప్లీహంలో చేరిపోవడం. రెండోదానికి వాళ్లు కనిపెట్టిన మందు ఏమిటో తెలుసా? అమ్మ చెయ్యి. బిడ్డ ఎడమ పక్కటెముకల కింద రోజూ తడిమి చూడమని తల్లులకు నేర్పారు. ప్లీహం ఉబ్బితే పరుగున తీసుకురమ్మన్నారు. ఆ ప్రమాదం వచ్చిన పిల్లల్లో మరణాలు దాదాపు పదోవంతుకు పడిపోయాయి. చదువు లేని తల్లుల చేతుల మీద నమ్మకం పెట్టిన వైద్యం అది.

ఇన్ఫెక్షన్ సంగతి 1986లో అమెరికాలో తేలింది. చిన్నపిల్లలకు రోజూ రెండుపూటలా పెన్సిలిన్ ఇస్తే న్యూమోకాకస్ ఇన్ఫెక్షన్లు 84 శాతం తగ్గాయి. ఫలితం అంత స్పష్టంగా ఉండటంతో ఆ పరిశోధనను గడువుకు ముందే ఆపేశారు. పెన్సిలిన్ అప్పటికే నలభై ఏళ్ల పాత మందు. నోయెల్‌కు అది దొరకలేదు, నిజమే. కానీ అతని తర్వాత వచ్చిన రెండు తరాల పిల్లలకు మందు ఉండీ అందలేదు. బిడ్డ పుట్టగానే జబ్బు పట్టుకుని నాలుగు నెలల్లోపు పెన్సిలిన్ మొదలుపెట్టే ఒక గది లేకపోవడమే కారణం.

లండన్ కథలో హీరో ఒక నర్సు. నైజీరియా తండ్రికీ, ఐరిష్ తల్లికీ పుట్టిన ఎలిజబెత్ అనియోన్వు. 1979లో బ్రెంట్ ప్రాంతంలో డాక్టర్ మిలిత్సా బ్రొజోవిచ్‌తో కలిసి బ్రిటన్‌లో మొదటి సికిల్ సెల్ కౌన్సెలింగ్ కేంద్రం మొదలుపెట్టింది. ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే. పది వేలలో ఒకరికి వచ్చే పీకేయూ జబ్బుకు బ్రిటన్‌లో 1969 నుంచి ప్రతి నవజాత శిశువుకూ పరీక్ష చేస్తున్నారు. అది ఎక్కువగా తెల్లపిల్లల జబ్బు. అదే మడమ మీద గుచ్చిన అదే నెత్తురు చుక్కతో నల్లపిల్లల జబ్బును ఎందుకు చూడరు? ఇంగ్లండ్ అంతటా ఆ పరీక్ష అమలు కావడానికి 2006 దాకా పట్టింది. అంతటితో అయిపోయిందా అంటే అదీ కాదు. 2019లో లండన్ ఆసుపత్రిలో 21 ఏళ్ల సికిల్ సెల్ రోగి ఒకరు ఆక్సిజన్ కోసం పడక మీద నుంచే 999 అత్యవసర నంబరుకు ఫోన్ చేశాడు. తర్వాత చనిపోయాడు. ఆ మరణం తర్వాత 2021లో బ్రిటన్ ఎంపీల బృందం ఇచ్చిన నివేదిక పేరుకు అర్థం 'ఎవరూ వినడం లేదు' అని.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఇండియాలో ఈ జన్యువును మొదట గుర్తించింది 1952లో, నీలగిరి ఆదివాసుల్లో. గుర్తించిన లేమన్, కట్‌బుష్‌లకు అప్పట్లో ఉన్న ఆసక్తి ఈ ప్రజలకూ ఆఫ్రికా వాళ్లకూ పాత జాతి సంబంధం ఉందా అని. నెత్తురు తీసుకుంది జాతి లెక్క కోసం. ఆ తర్వాత మధ్యభారతం అంతటా జబ్బు కనిపించింది. ఆదివాసుల్లోనే కాదు, విదర్భలో మహర్లలోనూ ఉంది. అంబేడ్కర్ దీక్ష ఇచ్చిన నాగపూర్ చుట్టూ ఉన్న మన బస్తీల జబ్బు ఇది. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టారు. పేరు బ్లాక్ పాంథర్ల నుంచే తీసుకున్నారు. కవిత్వం వచ్చింది, కోపం వచ్చింది, సాహిత్యమే మారిపోయింది. సాహిత్యం చదువుకున్నవాడిగా నాకు అది ప్రాణం. కానీ అమెరికా పాంథర్ల చేతిలో ఉన్న ఆ నెత్తురు పరీక్ష కిట్ మనదాకా రాలేదు. మన ఉద్యమాల వారసత్వంలో ఆ సగం ఇంకా బాకీ ఉంది.

దేశంలో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది 2023 జూలై 1న. నీలగిరి నుంచి లెక్కేస్తే 71 ఏళ్లు. 17 రాష్ట్రాల్లో 40 ఏళ్లలోపు 7 కోట్లమందికి పరీక్ష చేస్తామన్నారు. 2047 నాటికి నిర్మూలన అన్నారు. పరీక్ష మంచిదే, నేను వద్దనను. కానీ పెళ్లికి ముందు కార్డులు సరిచూసుకోండి అనే మాట గట్టిగా వినిపిస్తూ, అర్ధరాత్రి నొప్పి వస్తే ఎక్కడికి వెళ్లాలి అనే మాట మెల్లగా వినిపిస్తే మాత్రం భయం వేస్తుంది. నిర్మూలించాల్సింది జబ్బునా, జబ్బున్నవాళ్లు పుట్టడాన్నా?

నా క్లాసులో ఏజెన్సీ నుంచి వచ్చిన ఒక విద్యార్థి ఉండేవాడు. నొప్పి వచ్చి ఆసుపత్రికి వెళ్తే, పరీక్షలు ఎగ్గొట్టడానికి నాటకం ఆడుతున్నావా అన్నారట. సికిల్ సెల్ నొప్పి బయటికి కనపడదు. దెబ్బ ఉండదు, వాపు ఉండకపోవచ్చు. నమ్మాలంటే జబ్బు తెలిసిన నర్సు కావాలి. వార్డు అవసరం సరిగ్గా అక్కడే. 2016 వికలాంగుల హక్కుల చట్టం సికిల్ సెల్‌ను వైకల్యంగా గుర్తించింది. 40 శాతం సర్టిఫికెట్ ఉంటే ఉన్నత విద్యలో రిజర్వేషన్ ఉంది. ఉద్యోగాల్లో 4 శాతం కోటాలో మాత్రం రక్తజబ్బులకు చోటు లేదు. ఇదీ మన పోరాట జాబితాలో ఉండాలి.

కాబట్టి మీ హాస్టల్‌కు, మీ గూడేనికి పరీక్ష బృందం వస్తే సహకరించండి. ఈ ప్రశ్నలు కూడా అడగండి. జబ్బా, క్యారియరా తేల్చే రెండో పరీక్ష ఎక్కడ, ఎన్ని రోజుల్లో? ఫలితం గోండీలో, కోయలో, మా అమ్మకు అర్థమయ్యే మాటల్లో చెప్పేదెవరు? పసిపిల్లలకు పెన్సిలిన్, టీకాలు అందుతున్నాయా? నొప్పులు తగ్గించే హైడ్రాక్సీయూరియా మా పీహెచ్‌సీలో ఉందా, లేక నెలనెలా జిల్లా కేంద్రానికి బస్సు చార్జీలు పెట్టుకోవాలా? నా కార్డులో ఏముందో ఇంకెవరు చూస్తారు?

2023 డిసెంబరులో అమెరికా ఈ జబ్బుకు జన్యు చికిత్సను ఆమోదించింది. ధర 22 లక్షల డాలర్లు. మన పిల్లలను ఇప్పటికిప్పుడు బతికించేవి మాత్రం పెన్సిలిన్, ఒక మాత్ర, తెలిసిన నర్సు, అమ్మ చెయ్యి. ఇవి నాలుగూ ఒక గదిలో చేరితే దాన్నే వార్డు అంటాం. ఏజెన్సీ ఏరియా ఆసుపత్రుల్లో ఆ గది ఉందో లేదో, ఉంటే తాళం తీసి ఉందో లేదో చూసి కామెంట్లలో రాయండి. ఊరి పేరుతో రాయండి, రోగి పేరు మాత్రం రాయకండి. ఆ జాబితాతోనే ఐటీడీఏ ఆఫీసుకు వెళ్దాం.

జై భీమ్.