నెగెటివు ఎవరి దగ్గరుంది?

పది పదిహేనేళ్ళు డిజిటల్ కెమెరాతో పనిచేసిన స్టూడియో ఫోటోగ్రాఫర్లు కొందరు మళ్ళీ ఫిల్ము రీలు వైపు చూస్తున్నారు. 2012లో దివాలా పిటిషను వేసిన కొడాక్, ఆ ఏడాదే ఆపేసిన ఎక్టాక్రోము ఫిల్మును 2018లో తిరిగి తెచ్చింది. 2024లో పెంటాక్స్ కొత్త ఫిల్ము కెమెరా ఒకటి విడుదల చేసింది. ఇదంతా కలిగినవాళ్ళ పాతమోజని తీసిపారేసేవారున్నారు. ఆ మాటలో సగం నిజముంది. మిగతా సగం తెలియాలంటే ఛాయాచిత్ర చరిత్రను ఒక ప్రశ్నతో చదవాలి: బొమ్మ తీసినవాడు సరే, నెగెటివు ఎవరి దగ్గర మిగిలింది?

తెలుగు నేల మీద ఈ చరిత్ర రాజా దీన్‌దయాళ్‌తో మొదలుపెట్టడం ఆనవాయితీ. 1880లలో సికిందరాబాదులో స్టూడియో పెట్టి, ఆరో నిజాం కొలువులో బిరుదు పొందినవాడు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో జనానా స్టూడియో తెరిచి, దానిని ఒక ఆంగ్ల వనితకు అప్పగించాడు. ఆయన గాజు నెగెటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి 1989లో చేరాయి. నవాబుల వేటలూ, విందులూ, దర్బారులూ నూరేళ్ళు దాటి అలా భద్రంగా బతికాయి.

మన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల మాట వేరు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా ఇవి కర్నూలు జిల్లాలో ఉండేవి. 1876-78 కరువులో మద్రాసు రాజధానిలో ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. ఆ కరువును సైనికాధికారి విలబీ వాలేస్ హూపర్ ఫోటోలు తీశాడు. ఎముకలగూళ్ళయిన మనుషుల్ని కెమెరా ముందు గుంపుగా కూర్చోబెట్టి తీసిన బొమ్మలవి. నవాబు బొమ్మకు పేరుంది, బిరుదుంది. ఈ మనుషులకు పేర్లు లేవు. కెమెరా వీళ్ళనూ చూసింది, కాని వీళ్ళ కోసం చూడలేదు.

పేదవాడు తన డబ్బుతో, తన ఇష్టంతో కెమెరా ముందు కూర్చోవడం చాలా ఆలస్యంగా జరిగింది. అది చిన్న ఊళ్ళ స్టూడియోల కాలం. ఊటీలో 1960లో ప్రభుత్వరంగంలో స్థాపించిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 1967 నుంచి ఉత్పత్తి సాగించింది. ‘ఇందు’ ముద్రతో ఫిల్మూ, బ్రోమైడు కాగితమూ అందించింది. ముండ్లమూరు పల్లెల నుంచి దర్శికో అద్దంకికో బస్సెక్కి వెళ్ళి, పెళ్ళయిన జంట, ఊరు విడిచి పనులకు పోయే కొడుకుతో తల్లి, రంగుల పరదా ముందు నిలబడ్డారు. 120 రీలుకు పెద్ద చదరం బొమ్మలైతే పన్నెండే. అందుకే ఫోటోగ్రాఫరు గడ్డం పట్టి తల సరిచేసేవాడు, ఊపిరి బిగపట్టమనేవాడు, ఒక్కసారే నొక్కేవాడు. ఇప్పుడు ఫిల్ముకు మళ్ళినవారు వెతుకుతున్నది ఈ ఆగడాన్నే అనుకుంటాను. ఫిల్ము అబద్ధమాడదన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. నెగెటివు మీద రీటచింగు పెన్సిలు ఎన్ని నల్లటి ముఖాలను తెల్లబరచిందో ఆ పని చేసిన చేతులకే తెలుసు.

అసలు విశేషం స్టూడియో రిజిస్టరులో ఉంది. ప్రతి నెగెటివుకూ ఒక నంబరు, పక్కన పేరు, ఊరు. ఫోటో ఇచ్చే కవరు మీద అదే నంబరు. పదేళ్ళకు ఆ మనిషి చనిపోతే ఇంటివాళ్ళు నంబరు చెప్పి గోడకు కట్టించడానికి పెద్ద కాపీ తీయించుకునేవారు. హూపర్ బొమ్మల్లో లేని పేరు ఈ రిజిస్టరులో ఉంది. కూలివాళ్ళ ముఖాలు పేర్లతో సహా వరుసగా దాచిన దఫ్తరు మన పల్లెల్లో ఇంకొకటి నాకు తెలియదు.

డిజిటల్ వచ్చాక బొమ్మలు వెయ్యింతలయ్యాయి. దాన్ని తక్కువచేసి మాట్లాడటం అన్యాయం. ఫోటో కోసం పేదవాడు అప్పు చేయనక్కరలేకపోయింది. అయితే ఈ పెళ్ళి తీసిన కార్డును తుడిచి పై పెళ్ళికి వాడతారు, మార్కాపురం పలక మీద నిన్నటి పాఠం తుడిచినట్టు. 1993లో మొదలైన ఓటరు గుర్తింపు కార్డులతో, 2010 నుంచి ఆధార్‌తో, మనిషి ముఖం పేరుతో సహా ప్రభుత్వం దగ్గర చేరింది. ఊళ్ళో ఉండే నెగెటివు లేకుండా పోయింది.

ఇక ఫిల్ము మళ్ళీ ముండ్లమూరు దాకా వస్తుందా? రాదు. ఊటీ కర్మాగారం ఖాయిలాపడి మూతపడింది. దిగుమతి రీలు, దాన్ని కడిగించడం, స్కాన్ చేయించడం, ఈ ఖర్చంతా నగరంలో ఖరీదైన పెళ్ళిళ్ళు భరిస్తాయి. పాస్‌పోర్టు ఫోటోల మీద బతికే అంగడి భరించదు. దీన్‌దయాళ్ కాలంలో లాగే మన్నే బొమ్మ మళ్ళీ కలిగినవాడికే దక్కబోతోంది.

నలుపుతెలుపు నెగెటివులో బొమ్మంటే వెండే. అందుకే మూతపడిన స్టూడియోల పాత నెగెటివులను వెండి తీసేవాళ్ళు తూకానికి కొనుక్కుపోయారు. మిగిలినవి రేకు పెట్టెల్లో పులిసిన వాసన కొడుతూ ముడుచుకుపోతున్నాయి. అసిటేటు ఫిల్ముకు పట్టే చీడ అది. ప్రాంతీయ చరిత్ర మీద పరిశోధన చేసే విద్యార్థులు శాసనాల కోసం గుళ్ళకు వెళ్తారు, మంచిదే. దర్శి, పొదిలి, అద్దంకి బజారుల్లో పాత స్టూడియో యజమానుల ఇళ్ళు కూడా తట్టాలి. ముందు అడగవలసింది నెగెటివుల పెట్టె కాదు, రిజిస్టరు. రిజిస్టరు చిత్తుకాగితాలకు పోతే పెట్టె దొరికినా అందులో ఉండేది మళ్ళీ పేర్లు లేని మనుషులే.