పాసు మార్కు నుంచి ర్యాంకు దాకా: కెనడా పాయింట్ల పద్ధతి

హైదరాబాదులోగానీ విజయవాడలోగానీ కెనడా పీఆర్ (శాశ్వత నివాస హోదా) కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు ఇద్దరు కలిస్తే మొదట వచ్చే ప్రశ్న "నీ స్కోరెంత?" అనే. వయసు, చదువు, భాష, అనుభవం దేనికెన్ని పాయింట్లో కట్టి, కూడి, వలసదారుణ్ణి ఎంచుకునే పద్ధతి కెనడాలోనే పుట్టింది. 1967 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. తర్వాత ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రిటన్, నిన్నగాక మొన్న జర్మనీ, తమకు తగినట్టు దాన్ని మలుచుకున్నాయి. వలస చట్టాల చరిత్రలో ఇంత న్యాయమైన ఆలోచనలు ఎన్నో లేవని నా నమ్మకం. ఆ న్యాయంలో ఒక ముఖ్యభాగం 2015లో పోయిందని కూడా నా నమ్మకం.

అంతకుముందు అక్కడ ఏముండేదో తెలిస్తేగాని 1967 విలువ తెలియదు. చైనా నుంచి వచ్చేవారిపై 1885లో 50 డాలర్ల తలపన్ను వేశారు. 1903 నాటికి దాన్ని 500 చేశారు. 1923లో ఏకంగా తలుపే మూసేశారు. భారతీయులు బ్రిటిష్ ప్రజలే కాబట్టి వాళ్లను పేరుపెట్టి నిషేధించడం కుదరలేదు. అందుకని 1908లో ఒక నిబంధన తెచ్చారు. పుట్టిన దేశం నుంచి ఎక్కడా ఆగకుండా, ఒకే ప్రయాణంగా వచ్చినవాళ్లనే దిగనిస్తామన్నారు. భారతదేశం నుంచి అలా నేరుగా వచ్చే ఓడ టికెట్ల అమ్మకాన్ని కూడా ఆపించారు. పైగా చేతిలో 200 డాలర్లు చూపించాలి. భారతదేశం పేరెత్తకుండానే భారతీయులను ఆపిన నిబంధన అది.

1914 మే 23న 376 మందితో వాంకూవర్ రేవు చేరిన కొమగాటా మారు ఓడను ఈ నిబంధనే ఆపింది. ప్రయాణికుల్లో ఎక్కువమంది పంజాబీ సిక్కులు. గతంలో అక్కడ నివసించిన కొద్దిమందిని తప్ప ఎవరినీ దిగనివ్వలేదు. రెండు నెలలు రేవులోనే ఉంచి, జులై 23న యుద్ధనౌకను అడ్డంపెట్టి వెనక్కి పంపారు. ఓడ కలకత్తా దగ్గర బజ్‌బజ్ చేరాక పోలీసు కాల్పుల్లో పలువురు చనిపోయారు. కెనడా ప్రధాని పార్లమెంటులో దీనికి క్షమాపణ చెప్పడానికి 2016 మే దాకా పట్టింది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత కూడా ధోరణి పెద్దగా మారలేదు. పెద్దయెత్తున వలస దేశ జనాభా స్వరూపాన్ని మార్చడం ప్రజలకు ఇష్టం లేదని ప్రధాని మెకెంజీ కింగ్ 1947లో పార్లమెంటులోనే ప్రకటించారు. స్వతంత్ర భారతదేశంతో 1951లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఏడాదికి 150 మంది భారతీయులకు అవకాశం. 1957లో దాన్ని 300 చేశారు. అంత పెద్ద దేశానికి పట్టుమని ఒక పల్లెకు సరిపడా మనుషులు కూడా కాదు. ఆ 300లో తన పేరు ఉంటుందో లేదో చెప్పేది అధికారి. అతను దేన్ని చూసి ఒప్పుకున్నాడో, దేన్ని చూసి కాదన్నాడో దరఖాస్తుదారుకు తెలిసే వీలు లేదు.

1962 జనవరిలో ఇమిగ్రేషన్ మంత్రి ఎలెన్ ఫెయిర్‌క్లౌ కొత్త నిబంధనలను సభ ముందుంచారు. జాతి, రంగు, పుట్టిన దేశం కాదు, చదువూ నైపుణ్యమూ చూడాలన్నారు. కెనడా కేబినెట్‌లో మంత్రి అయిన మొదటి మహిళ ఆమె. బంధువులను పిలిపించుకోవడంలో మాత్రం యూరప్ వాళ్లకు ఒక నీతి, ఆసియా వాళ్లకు ఒక నీతి ఇంకా మిగిలింది. అంతకన్నా పెద్ద లోటు ఇంకొకటుంది. నైపుణ్యం చూడమన్నారు సరే, ఎంత ఉంటే చాలో ఎవరూ చెప్పలేదు. పాత అధికారే పాత కళ్లతో చూసి "సరిపోదు" అనొచ్చు.

1966లో కొత్తగా ఏర్పడ్డ మానవవనరుల, ఇమిగ్రేషన్ శాఖకు మంత్రి జాన్ మర్షాన్, ఉపమంత్రి టామ్ కెంట్. అక్కడ ఉపమంత్రి అంటే మన దగ్గర శాఖాధిపతిగా ఉండే కార్యదర్శిలాంటి అధికారి. ఆ శాఖలో తయారైన పట్టిక మొత్తం 100 పాయింట్లు. 50 తెచ్చుకుంటే చాలు. చదువుకు 20 దాకా, ఏడాదికొకటి చొప్పున. ఆ వృత్తికి దేశంలో ఉన్న గిరాకీకి 15. వృత్తి నైపుణ్యానికి 10. వయసుకు 10, అదీ 18 నుంచి 35 వరకు పూర్తిగా ఇచ్చి, పైన ఏడాదికొకటి తగ్గిస్తూ. చేతిలో ఉద్యోగం ఉంటే 10. ఇంగ్లీషుకు 5, ఫ్రెంచికి 5. బంధువులుంటే 5, వెళ్లే ఊళ్లో పనులు దొరికే అవకాశానికి 5. మిగిలిన 15 అధికారి చేతిలో: మనిషి చొరవ, సర్దుకుపోయే గుణం ఎలా ఉన్నాయో ఇంటర్వ్యూలో చూసి వేసేవి.

ఆ పట్టికలో మన మనిషిని ఒకసారి కూర్చోబెట్టి చూద్దాం. 1968లో ఇరవై తొమ్మిదేళ్ల తెలుగు ఇంజనీరు. పదహారేళ్ల చదువుకు 16. వయసుకు 10. ఇంగ్లీషుకు 5. వృత్తి నైపుణ్యానికి 10. అప్పుడు ఇంజనీర్లకు గిరాకీ ఉందనుకుంటే 15. మొత్తం 56. ఉద్యోగం చేతిలో లేదు, బంధువులు లేరు, ఫ్రెంచి ముక్క రాదు. అయినా అధికారి తన 15లో ఒక్క పాయింటూ వేయకపోయినా గీత దాటేశాడు. అధికారికి పట్టిక దాటి నిర్ణయం తీసుకునే అధికారం కొంత మిగిలే ఉంది, కానీ దాన్ని వాడితే కారణం రాతపూర్వకంగా చూపాలి. పేరూ, రంగూ, ఊరూ చూసి కాదనిపించుకున్నవాళ్ల మనవలకు ఇది చిన్న మార్పు కాదు. అరవైల చివర్లో, డెబ్బైల్లో మన డాక్టర్లు, ఇంజనీర్లు, ప్రొఫెసర్లు టొరంటోకు, విన్నిపెగ్‌కు, ఎడ్మంటన్‌కు చేరడానికి తలుపు తీసింది ఈ లెక్కే.

ఆ తర్వాతి ముప్ఫై ఏళ్లలో పట్టికలోని గళ్లు మారుతూ వచ్చాయి. 1976 చట్టం 1978లో అమలై శరణార్థులను, కుటుంబాలను, స్వతంత్రంగా వచ్చేవాళ్లను వేరువేరు తరగతులు చేసింది. క్యూబెక్ రాష్ట్రం తన వలసదారులను తనే ఎంచుకోవడం మొదలుపెట్టింది. 1982లో మాంద్యం వచ్చినప్పుడు చేతిలో ఉద్యోగం లేనివాణ్ణి రానివ్వలేదు, నాలుగేళ్ల తర్వాత ఆ షరతు ఎత్తేశారు. గిరాకీ ఉన్న వృత్తుల జాబితాను పట్టుకుని ఎంచుకుంటే, మనిషి వచ్చి దిగేసరికి గిరాకీ మారిపోయేది.

అందుకే 2002లో కొత్త చట్టంతోపాటు ఆలోచనే మార్చారు. వృత్తి గిరాకీ గడి తీసేసి చదువుకు 25, భాషకు 24, అనుభవానికి 21 ఇచ్చారు. వయసుకు, ఉద్యోగానికి, సర్దుబాటుకు పదేసి. ఏ పనైనా నేర్చుకోగల చదువరి ఎక్కడైనా నిలదొక్కుకుంటాడన్నది లెక్క. పాసు మార్కు మొదట 75 పెట్టి, మరీ ఎక్కువైందని 2003 సెప్టెంబరులో 67కు దించారు. సర్దుబాటు పాయింట్లలో భార్యాభర్తల్లో రెండో వ్యక్తి చదువుకూ లెక్క దొరికింది. అంతవరకు భర్త పేరు కింద డిపెండెంట్‌గా ఉండిపోయిన ఎంతోమంది ఆడవాళ్ల డిగ్రీ మొదటిసారి కాగితం మీద పనికొచ్చింది. ఇప్పుడు మన ఇళ్లలో ఇద్దరి లెక్కలూ వేసి, ఎవరి స్కోరు ఎక్కువైతే వాళ్లనే ప్రధాన దరఖాస్తుదారుగా పెడుతున్నారు. భార్య వయసు తక్కువ, ఇంగ్లీషు మెరుగు అయితే ఆమే ముందు నిలబడుతోంది. ఇది మంచి మార్పు.

అయితే పాయింట్లు ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం, లైసెన్సు ఇచ్చేది రాష్ట్రాల వృత్తి సంఘాలు. వీసా కాగితం మీద విలువున్న డిగ్రీ టొరంటోలో దిగాక విలువ కోల్పోయేది. ఎంబీబీఎస్ చేసి పదేళ్లు ప్రాక్టీసు చేసిన మనిషిని ఆ చదువు చూసే రమ్మన్నారు, వచ్చాక ఆసుపత్రిలోకి రానివ్వలేదు. 'కెనడా అనుభవం ఉందా?' అన్న ఒక్క ప్రశ్న ఎంతమంది ఇంజనీర్లను గోదాముల్లో, టాక్సీల్లో కూర్చోబెట్టిందో! ఆ షరతు ప్రాథమికంగా వివక్షేనని ఒంటారియో మానవ హక్కుల కమిషన్ 2013లో చెప్పింది. అక్కడి ఇంజనీర్ల సంఘం దాన్ని తీసేసింది 2023లో. 1967 నుంచి లెక్కేస్తే యాభై ఆరేళ్లు. పాయింట్లు వేసి పిలిచిన ప్రభుత్వానికి ఆ పాయింట్లను దేశంలోపల గౌరవింపజేసే బాధ్యత లేదా?

వచ్చి దిగినవాళ్లకు తగిలిన గాయం అది. రెండో గాయం వరసలో నిలబడ్డవాళ్లకు తగిలింది. 67 తెచ్చుకున్నవాళ్లందరి ఫైలూ చూసి తీరాలి, కానీ ఏడాదికి ఇచ్చే వీసాలకు పరిమితి ఉంది. 2008 నాటికి ఆరు లక్షల మందికి పైగా పేరుకుపోయారు. అప్పుడు చట్టం సవరించి, 38 వృత్తుల జాబితా పెట్టి, కొత్త దరఖాస్తులను దాని ప్రకారం వడగట్టారు. అయినా పాత గుట్ట తరగలేదు. 2012లో జేసన్ కెన్నీ మంత్రిగా ఉండగా, 2008 ఫిబ్రవరి 27కు ముందు వేసి ఇంకా తేలని నైపుణ్య దరఖాస్తులన్నిటినీ చట్టంతోనే రద్దుచేశారు. కుటుంబ సభ్యులతో కలిపి సుమారు 2,80,000 మంది. ఫీజు వాపసిచ్చారు. కోర్టుకెళ్లినవాళ్లకు ఊరట దొరకలేదు. దరఖాస్తు వేసిన రోజు ముప్ఫై రెండేళ్లున్న మనిషికి ఆ రోజుకు ముప్ఫై ఎనిమిది. పిల్లల బడి, ఇల్లు కొనడం, ఉద్యోగం మారడం అన్నీ "కెనడా తేలాక చూద్దాం" అని వాయిదా వేసుకున్న కుటుంబాలకు ఫీజు వెనక్కి ఇస్తే ఏం సరిపోతుంది? అర్హత ఉందని తమ పట్టికే చెప్పినవాళ్లతో ఏ ప్రభుత్వమూ అలా వ్యవహరించకూడదు.

ఇక గుట్ట పేరుకోకుండా చేయడానికి న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లో అప్పటికే ఉన్న పద్ధతిని తీసుకున్నారు. 2015 జనవరి 1న ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ వచ్చింది. పాత 67 గీత పోలేదు, అది అభ్యర్థుల పూల్‌లోకి అడుగుపెట్టడానికి మాత్రమే. పూల్‌లో చేరాక 1200కు ఇంకో స్కోరు కడతారు, ఎప్పటికప్పుడు డ్రా తీసి పైనున్నవాళ్లను కొద్దికొద్దిగా పిలుస్తారు. పదో తరగతిలో 35 వస్తే పాసే, పక్కవాడికి 90 వచ్చినా నీ పాసు నీదే. ఎంసెట్‌లో అలా కాదు, నీ మార్కులు మారకపోయినా పక్కవాడి మార్కులను బట్టి నీ సీటు పోతుంది. కెనడా పాయింట్ల పద్ధతి 2015లో మొదటి రకం నుంచి రెండో రకానికి మారింది. ఎంత తెచ్చుకుంటే సరిపోతుందో ముందుగా చెప్పడం మానేసింది.

మాస్టర్స్ చేసి, మూడేళ్ల అనుభవం ఉన్న ఇరవై తొమ్మిదేళ్ల ఒంటరి మనిషి లెక్క చూడండి. వయసుకు 110, చదువుకు 135, ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షలో లిజనింగ్‌కు 8, మిగతా మూడింట్లో 7 వస్తే భాషకు 124. మంచి భాషతో చదువు కలిసినందుకు 50, అనుభవం కలిసినందుకు 50. మొత్తం 469. అదే మనిషికి లిజనింగ్‌లో 7.5 వస్తే? భాషలో 8 పోతాయి. నాలుగు విభాగాల్లోనూ ఆ స్థాయి ఉంటేనే వచ్చే రెండు 50లూ చెరి 25 అవుతాయి. స్కోరు 411. నలభై ప్రశ్నల పరీక్షలో ఒకటి రెండు జవాబులు తప్పితే 58 పాయింట్లు. పరీక్ష ఫీజు మళ్లీ మళ్లీ కట్టేది అందుకే. ముప్ఫై దాటాక ప్రతి పుట్టినరోజుకూ ఐదో ఆరో పోతాయి, నలభై దాటాక పదకొండు. నలభై అయిదుకు వయసు పాయింట్లు సున్నా.

కటాఫ్ ఎటు పోతుందో ఎవరి చేతిలోనూ లేదు. 2015 జనవరి 31న జరిగిన మొదటి డ్రాలో 779 మందిని పిలిచారు, కటాఫ్ 886. ఉద్యోగం ఆఫర్ ఉంటే, లేదా అక్కడి రాష్ట్రం ఏదైనా నామినేట్ చేస్తే 600 కలిసేవి, వాళ్లకే పిలుపొచ్చింది. 2021 ఫిబ్రవరి 13న, కోవిడ్ ఆంక్షలప్పుడు, కెనడాలో పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లలో 27,332 మందిని పిలిచారు. కటాఫ్ 75. విదేశాల్లో ఉండి దరఖాస్తు చేసుకునే నైపుణ్య తరగతికి ఆ రోజుల్లో పిలుపులే ఆగిపోయాయి, 2022 జులైలో మళ్లీ మొదలయ్యేసరికి కటాఫ్ 557. పదిహేడు నెలల తేడాతో 75, 557. మనిషి అదే, డిగ్రీ అదే.

అమెరికాలో గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూసే మనవాళ్ల నిరాశ కూడా ఈ పూల్‌లోకే వచ్చి చేరింది. ఉద్యోగం ద్వారా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకూ ఏడు శాతం దాటకూడదన్న నియమం వల్ల, భారతదేశంలో పుట్టిన హెచ్1బీ వర్క్ వీసా వాళ్లు పదేళ్లకు పైగా ఆగిపోయారు. 2023 జులైలో కెనడా వాళ్లకోసం 10,000 వర్క్ పర్మిట్లు ప్రకటిస్తే రెండు రోజులు తిరగకుండానే అయిపోయాయి.

2023 జూన్ నుంచి ఆరోగ్యం, కంప్యూటర్లు, వడ్రంగం లాంటి చేతిపనులు, ఫ్రెంచి అని విడివిడిగా డ్రాలు తీస్తున్నారు. 2002లో తీసేసిన గిరాకీ గడి ఇంకో దారిలో తిరిగి వచ్చిందన్నమాట. 2025 మార్చి 25 నుంచి ఉద్యోగం ఆఫర్‌కు పాయింట్లు ఎత్తేశారు. ఆఫర్ కాగితాలను డబ్బుకు అమ్ముకునే వ్యాపారం పెరిగిందన్నది కారణం, అది సరైన పనే. ఫ్రెంచి వచ్చినవాళ్లకు 400 లోపు స్కోరుతో పిలుపు వచ్చిన డ్రాలున్నాయి. అందుకే హైదరాబాదులో ముప్ఫై దాటిన ఇంజనీర్లు సాయంత్రాలు ఫ్రెంచి క్లాసుల్లో కూర్చుంటున్నారు. మరోవైపు 2025కు 5,00,000 అనుకున్న మొత్తం పీఆర్‌ల లక్ష్యాన్ని 2024 అక్టోబరులో 3,95,000కు కోశారు, 2027కు 3,65,000కు తగ్గించాలన్నారు. ఆ ప్రకటన వచ్చిన రోజు పూల్‌లో ఉన్న ఎవరి డిగ్రీ విలువా తగ్గలేదు, ఎవరి ఇంగ్లీషూ పాడవలేదు. పిలుపు అవకాశం మాత్రం అందరికీ తగ్గింది.