లంకల గన్నవరపు ఇల్లాలు: డొక్కా సీతమ్మగారు

గ్రామచరిత్ర వ్రాయబూనినవారు సాధారణముగా గుడిలోని శాసనముతో ప్రారంభింతురు. చెఱువు త్రవ్వించిన ప్రభువు పేరు, సత్రము కట్టించిన ధనికుని పేరు రాతిపై చెక్కబడి యుండును. ఆ సత్రములో తెల్లవాఱుజామున లేచి పొయ్యి రాజేసినవారెవరో, వడ్లు దంచినవారెవరో ఏ రాతియు చెప్పదు. వ్యవసాయ కుటుంబమునందలి స్త్రీ దినమంతయు చేసిన పని సాయంకాలమునకు ఎంగిలి విస్తళ్ళతో పాటు వెలుపలికి పోవును. మఱునాటి యుదయమున మరల మొదలగును. అట్టి పనికి చరిత్రలో చోటు దొరకుట అరుదు. దొరికిన కొలదిమందిలో కోనసీమకు చెందిన డొక్కా సీతమ్మగారు ఒకరు. ఆమె రాజ్యమేలలేదు, గ్రంథము వ్రాయలేదు, సభలలో ఉపన్యసింపలేదు. రైతు ఇల్లాలిగా తన వంటశాలను ఊరివారికిని, బాటసారులకును తెఱచి యుంచిరి. ఆ ఒక్క కార్యముచేతనే ఆమె పేరు నూఱేండ్లు దాటినను నిలిచియున్నది.

సీతమ్మగారు 1841వ సంవత్సరమున మండపేటలో జన్మించిరి. ఆనాటికి గోదావరి సీమ దీనదశలో నుండెను. 1821లో ఆ జిల్లా జనసంఖ్య 7 లక్షల 38 వేలు కాగా, 1841 నాటికి అది 5 లక్షల 61 వేలకు పడిపోయినది. నందన నామ సంవత్సరమున, అనగా 1832–33లో, తెలుగుదేశమును క్రుంగదీసిన మహాక్షామము, 1839లో కోరంగి తీరమును ముంచెత్తిన తుఫాను, వానిని వెన్నంటి వచ్చిన వలసలు ఈ క్షీణతకు కారణములు. ఇంత గొప్ప నది ప్రక్కనే పాఱుచున్నను వానలు లేని యేట పొలములు బీటలు వాఱుచుండెను. వఱద వచ్చిన యేట అవే పొలములు మునుగుచుండెను. సీతమ్మగారు కన్ను తెఱచిన లోకమిది. ఆకలి యనగా నేమో పెద్దల నోట విన్న తరమువారు ఆమె.

ఆమె తండ్రి అనుపిండి భవానీశంకరముగారు, తల్లి నరసమ్మగారు. ఇంటికి వచ్చినవారికెల్ల అన్నము పెట్టుచుండుటచే భవానీశంకరముగారిని ఊరివారు ‘బువ్వన్న’ యని పిలిచెడివారని ప్రతీతి. తల్లి చిన్ననాటనే గతించుటచే ఇంటి భారము బాలికపై బడినదని చెప్పుదురు. లంకల గన్నవరమునకు చెందిన డొక్కా జోగన్నగారు వేదవిదులు, సంపన్నులైన వ్యవసాయదారులు. వారొకమాఱు ప్రయాణములో ప్రొద్దుపోయి మండపేటలో ఆ ఇంట భోజనమునకు ఆగిరట. ఆ ఇంటి యాదరమును, ఆ బాలిక పనితీరును చూచి సంతసించి, పిమ్మట ఆమెను వివాహమాడిరని ఆ ప్రాంతమువారు చెప్పుకొందురు. ఈ విధముగా అతిథికి పెట్టిన అన్నముతోనే ఆమె సంసారము ఆరంభమైనది.

ఆమె బాల్యమునందే గోదావరి సీమ దశ మాఱుటకు పునాది పడెను. ధవళేశ్వరము కడ ఆనకట్ట నిర్మాణము ఆర్థర్ కాటను పర్యవేక్షణలో 1847లో ప్రారంభమై 1852 నాటికి పూర్తియయ్యెను. అప్పటికి సీతమ్మగారి వయస్సు పదునొకండేండ్లు. కాలువలు డెల్టా నలుమూలలకు సాగినవి. వైనతేయ పాయకు ఆవలనున్న నగరము లంకకు నీరందించుటకై గన్నవరము కడ నదిమీదుగా కాలువను దాటించు అక్విడక్టును నలుబదితొమ్మిది ఖానాలతో నిర్మించిరి. క్రింద నది, పైన కాలువ; చూచినవారికి అది యొక వింతగా తోచెడిది. కాలువ నీటితో సార్వా పంట నిలకడ పొందినది. 1876–78 సంవత్సరములలో దక్షిణదేశమున మహాక్షామము లక్షలాది ప్రాణములను బలిగొనుచుండగా, గోదావరి డెల్టా ఆ విపత్తునుండి తప్పించుకొని యితర ప్రాంతములకు ధాన్యము పంపగలిగినది.

గాదె నిండినంతమాత్రమున బాటసారి కడుపు నిండదు. మిగిలిన ధాన్యము బస్తాలకెక్కి సంతకు పోవచ్చును, వడ్డీకి తిరుగవచ్చును, భూమిగా మాఱవచ్చును. ఆ కాలమున డెల్టాలో అట్లు ధనవంతులైన కుటుంబములు పెక్కు గలవు. జోగన్నగారి ఇంట ఆ మిగులు ధాన్యము మఱొక దారి పట్టినది. కాటను కట్టించిన ఆనకట్ట నీటిని పొలమువఱకు తెచ్చినది. పొలమునుండి ఆకలిగొన్నవాని విస్తరివఱకు నడువవలసిన కడపటి మజిలీని సీతమ్మగారు నడిపిరి.

ఆ ఊరి ఉనికియు ఇందుకు కారణమైనది. వసిష్ఠ గోదావరినుండి వైనతేయ పాయ చీలి సముద్రమునకు పోవు ప్రాంతమున గన్నవరము కలదు. ఆవలి గట్టున రాజోలు సీమ. ఆ సీమ చివర వసిష్ఠ సాగరసంగమమున అంతర్వేది క్షేత్రము. మాఘమాసమున అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కళ్యాణమునకు పోవు యాత్రికులు, పెండ్లివారు, వర్తకులు, పడవవాండ్రు, కూలికి వలసపోవువారు ఆ దారిని నడచుచుండిరి. పట్టణములలోనైన పూటకూళ్ళ ఇండ్లుండెడివి; పల్లెటూళ్ళలో డబ్బిచ్చినను అన్నము దొరకెడిది కాదు. వఱదకాలమున రేవు ఆగినచో బాటసారి గట్టునే పడియుండవలసినదే. అట్టి చోట వేళ కాని వేళ తలుపు తట్టదగిన ఇల్లు ఒకటి యున్నదని తెలియుట యెంత ధైర్యమో, చంటిబిడ్డతో చీకటిలో నడచిన తల్లికే తెలియును.

ఈ యన్నదానమును పుణ్యకార్యమని కొనియాడి ఊరకుండుట తేలిక. అది ఎంతటి పనియో లెక్క చూచుకొనుట మేలు. మనిషికి పూటకు సోలెడు బియ్యమనుకొన్నను పదునాఱుగురికి కుంచెడు కావలెను. ఎనుబదిమంది వచ్చిన పూట అయిదు కుంచముల బియ్యము. కుంచెడు బియ్యమునకు రెండు కుంచముల వడ్లు దంచవలెను; అనగా ఆ ఒక్క పూటకు పది కుంచముల వడ్లు రోటికెక్కవలెను. మరలు లేని ఆ దినములలో ప్రతి గింజయు రోకటిపోటుననే పొట్టు విడువవలెను. చెఱిగి, నూక తీసి, రాళ్ళేఱి, కడిగి ఎసట వేయవలెను. గాడిపొయ్యికి కట్టెలు, గుండిగలకు నీరు, పప్పు, కూర, చారు, వేసవిలో ఏడాదికి సరిపడ ఊరగాయలు, తెల్లవాఱకముందే చిలికిన మజ్జిగ, అరటితోటనుండి కోసి తెచ్చిన ఆకులు, తిన్నపిమ్మట ఎత్తి అలికి శుద్ధిచేయుట, ఇవన్నియు ఒక్క పంక్తి వెనుకనున్న పనులు. వానాకాలమునకు కట్టెలు ముందుగా పోగుచేయనిచో పొయ్యి వెలుగదు. పాడి తగ్గిన మాసమున మజ్జిగకు మార్గము చూడవలెను. ఏ గాదెలో ఎంత గింజ మిగిలినదో, కోతల వఱకు అది చాలునో చాలదో ఇల్లాలికి నోటిలెక్కగా తెలిసియుండవలెను. దివాణపు కరణమునకు చిట్టాలు, అడంగళ్ళు కలవు; ఆమెకు జ్ఞాపకమే చిట్టా.

ఈ పని యొక్క రెండు చేతులతో సాగునది కాదు. వడ్లు దంచిన స్త్రీలు, నీరు మోసినవారు, పశువులను కాచిన పాలేళ్ళు, పంట పండించిన కూలీలు అందఱును ఆ యన్నములో భాగస్వాములే. వారి పేర్లు మనకు దక్కలేదు. సీతమ్మగారి గొప్పతనమును తలచునపుడు ఆ పేరులేని చేతులను కూడ తలచుట న్యాయము.

వచ్చినవారిని ఏ కులమువారని గాని, ఏ మతమువారని గాని ఆమె అడుగలేదని, అర్ధరాత్రి వచ్చినవారికి సైతము వండి పెట్టిరని కోనసీమ జనులు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. ఆనాటి సత్రములలో పెక్కింట అన్నము ఒక్క వర్ణమువారికే పరిమితమై యుండెడిది. ఆచారవంతమైన కుటుంబమునకు చెందిన గృహిణి, తన ఇంటి గడపయందు ఆకలి యొక్కటే అర్హతయని నిశ్చయించుట సామాన్యవిషయము కాదు. ‘అపర అన్నపూర్ణ’ యను పేరు ఆమెకు లోకులు పెట్టినది.

ఆమెను గుఱించిన కథలలో మిక్కిలి ప్రసిద్ధమైనది అంతర్వేది యాత్రను గుఱించినది. నరసింహస్వామిని దర్శింపవలెనని ఆమె చిరకాలము కోరుకొని, ఎట్టకేలకు పల్లకిలో బయలుదేఱిరట. దారిలో బోయీలు అలసట తీర్చుకొనుచుండగా, ఆకలికి ఏడ్చుచున్న బిడ్డలను ఓదార్చు ప్రయాణికుల మాటలు ఆమె చెవిని బడినవి. కొంచెము ఓర్చుకొన్నచో గన్నవరములో సీతమ్మగారి ఇల్లు వచ్చునని, అచ్చట కడుపునిండ తినవచ్చునని వారు పిల్లలకు చెప్పుచుండిరట. అది విన్నంతనే ఆమె పల్లకిని వెనుకకు త్రిప్పించి, వారికంటె ముందు ఇల్లు చేరి వంట సిద్ధము చేయించిరని కథ.

పురాణకాలక్షేపములలో దీనిని త్యాగమునకు దృష్టాంతముగా చెప్పుదురు. అది నిజమే. ఇందు మఱియొక సంగతియు కలదు. అంతర్వేది గన్నవరమునకు దూరదేశము కాదు, ఆ సీమలోనిదే. ఏటేట ఆ తీర్థమునకు పోవువారికెల్ల అన్నము పెట్టిన ఇల్లాలికి తాను పోవుటకు తీఱిక చిక్కలేదు. ఒక్కనాడు ఆమె గడప దాటినచో ఆ పొయ్యి యేమగునో యను చింత ఆమెను విడువలేదు. మన ఇండ్లలోని స్త్రీలకు ఈ చింత క్రొత్తది కాదు. ఊరు అనుభవించిన మేలునకు ఆమె చెల్లించిన మూల్యము ఈ కథలో కనబడును. మెచ్చుకొనువారు దానిని మఱువరాదు.

ఇంత వ్యయమునకు ధనమెక్కడిదని లోకులు ఆశ్చర్యపడిరి. ఆస్తి తఱిగిపోవు కాలమున జోగన్నగారికి పొలములో బంగారు నాణెముల బిందె దొరకినదని ఒక కథ పుట్టినది. నిధి కథలు మన పల్లెలకు ప్రియమైనవి. ఒక కుటుంబము తన కలిమిని ఏండ్లతరబడి పరులకు పెట్టుచుండుట నమ్మశక్యముగాక లోకము ఆ బిందెను కల్పించుకొన్నదేమో! ఏటేట పండిన పంట, భర్త యొక్క సమ్మతి, భార్య యొక్క నిర్వహణము, ఈ మూడును కూడినచోట బిందెతో పని యేమి? అందును జోగన్నగారి సమ్మతి చిన్నది కాదు. భూమి పేరు తనదై, పెట్టుచేయి భార్యదైనపుడు అడ్డుపడని గృహస్థుడు ఆ కాలమున ఎంతో అరుదు.

ఆమె కీర్తి సముద్రములు దాటినదని చెప్పు వృత్తాంతము మఱొకటి కలదు. 1902లో ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషిక్తుడై, 1903 జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిగినది. ఆ ఉత్సవ సందర్భమున ఆమెను ఆహ్వానింపగా ఆమె పోవుటకు ఒప్పుకొనలేదని, అందుచే అధికారులు ఆమె ఛాయాచిత్రమును తీయించి పంపిరని, చక్రవర్తి దానిని ఆసనముపై నుంచి గౌరవించెనని ప్రచారములో నున్నది. ఆమెను తలచినప్పుడెల్ల మొదట ఈ సంగతినే చెప్పుట వాడుకయైనది. రాజు గౌరవించుటచే ఆమె గొప్పదైనదన్నట్లు వినువారికి తోచును. వాస్తవమునకు ఆ పటము తీయుటకు ఎన్నో దశాబ్దములకు ముందే ఆమె పని నడచుచుండెను. పొగడ్తకై ఆమె పొయ్యి వెలిగింపలేదు; పొగడ్త వచ్చినదని పొయ్యి ఆర్పి ప్రయాణము కట్టలేదు.

సీతమ్మగారు 1909లో దివంగతులైరి. ఆమె చరిత్ర తెలుగు పాఠ్యపుస్తకములలో చేరి బడిపిల్లలకు పాఠమైనది. గన్నవరము కడ పాత అక్విడక్టునకు తోడుగా నిర్మించి 2000వ సంవత్సరమున ప్రారంభించిన క్రొత్త అక్విడక్టునకు ఆమె పేరు పెట్టిరి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పాఠశాలల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరును ఉంచినది. నీటికి ఒక పేరు, అన్నమునకు ఒక పేరు. రెండును ఆమెవే యగుట సముచితముగా నున్నది. ఆ బడులలో నేడు గరిటె పట్టి వండి వడ్డించువారిలో అత్యధికులు పల్లెటూరి స్త్రీలే. పథకము పేరు సీతమ్మగారిదైనను, పథకము సాగుట ఆ చేతులమీదనే.

ఊరి సంస్థలు ఎట్లు నిలుచునో సీతమ్మగారి జీవితము నేర్పుచున్నది. ఒక్కనాడు వేయిమందికి సంతర్పణ చేసినవారు పెక్కురు కలరు. వారి పేర్లు ఆ పూటతో మఱుగైనవి. ప్రతిదినము, వచ్చిన నలుగురికి, విసుగక పెట్టినదానికే విలువ నిలిచినది. గ్రంథాలయమునకు సయితము ఇదే ధర్మము. ప్రారంభోత్సవమునాటి తోరణములు వాడిపోవును. దినదినము తలుపు తీసి, దీపము వెలిగించి, వచ్చిన పాఠకునికి పుస్తకమందించు పనియే దానిని ఇరువదియైదేండ్లు నడిపించును.

గ్రామ గ్రంథాలయమునకు మఱియొక కర్తవ్యమును కలదు. ప్రతి ఊరిలోను చిన్న సీతమ్మలు ఉండిరి. కరువునాడు గంజి కాచి పోసిన అవ్వ, తుఫానురాత్రి పదిమందిని పెంకుటింట దాచి అన్నము పెట్టిన పెద్దమ్మ, పురుళ్ళకు అర్ధరాత్రి పరుగెత్తిన అత్తమ్మ, వీరి పేర్లు ఊరి వృద్ధుల నోట మాత్రమే మిగిలియున్నవి. ఆ వృద్ధులు గతించినచో ఆ పేర్లును గతించును. గ్రంథాలయపు బీరువాలో ఒక తెల్లపుస్తకముంచి, ఊరిలోని యువకులును యువతులును ఇంటింటికి పోయి ఆ స్త్రీల పేర్లు, వారు చేసిన పనులు, జరిగిన కాలము అడిగి వ్రాసి భద్రపఱచినచో, కొనివచ్చిన ఏ గ్రంథములోను దొరకని ఊరి చరిత్ర అందు దొరకును.